డ్రమ్మర్ చెయ్యి వినరా అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ స్నేహితుడి మేడ మీద పార్టీకని పాటలన్నీ ఒకదానికొకటి అతికి నువ్వు పంపిన మిక్స్ రెండుసార్లు విన్నాను. ఒకసారి కారులో, ఒకసారి అంట్లు తోముతూ. అసలు పరీక్ష రెండోదే. చేతులు సబ్బునీళ్లలో ఉంటే పాట మార్చడానికి కుదరదు కదా. అతుకు సరిగ్గా పడని చోటల్లా తోమే చెయ్యి దానంతటదే ఆగుతుంది. నీ మిక్స్‌కి 11 సార్లు ఆగింది. "ఏం, గిన్నె మాడిందా?" అని మీ అత్తయ్య కూడా అడిగింది.

పాటల ఎంపికకి వంక పెట్టను. మీ అమ్మ ఇంకా పరికిణీలో తిరిగే రోజుల్లో వచ్చిన పాటలు, అమెరికా నల్లజాతి వాళ్ల దగ్గర పుట్టిన సోల్, ఫంక్, డిస్కో తరహావి, వైజాగ్‌లో కూర్చుని వెతికి పట్టావంటే సంతోషమే. కానీ 78 నిమిషాల్లో 31 పాటలేమిట్రా? పాటకి రెండున్నర నిమిషాలు. పెళ్లి బంతిలో గారె వడ్డించి, తుంచేలోపే విస్తరి లాగేసినట్టుంది. గంట సేపటికి 14, 15 పాటలు చాలు. తీసేయమన్నానని ఏడవకు, ఆ మిగిలినవి ఇంకో మిక్స్‌కి పనికొస్తాయి.

అసలు సంగతికి వస్తాను. సాఫ్ట్‌వేర్‌లో సింక్ బటన్ నొక్కితే రెండు పాటల లయ అదే కలుస్తుందని రాశావు. ఇప్పుడొచ్చే పాటలకి కలుస్తుంది, అవి కంప్యూటర్ సమదూరంలో గీసిన గీతల మీద బీటు తప్పకుండా కట్టినవి. నీ జాబితాలో ఉన్నవి మనుషులు ఒక గదిలో కూర్చుని వాయించినవి. కోరస్, అంటే మన పల్లవిలాంటిది, వచ్చేసరికి డ్రమ్మర్‌కి హుషారొస్తుంది, వేగం ఓ రవ్వ పెరుగుతుంది. పాడేవాడు గొంతు తగ్గించినచోట అతనూ వెనక్కి తగ్గుతాడు. నిమిషానికి 116 బీట్లతో మొదలైన పాట చివరికి 119కి చేరొచ్చు. నీ సాఫ్ట్‌వేర్ పాటంతటికీ కలిపి ఒక సగటు అంకె చూపిస్తుంది. ఆ అంకెని నమ్ముకుంటే నీ అతుకుల్లో ఏమైందో చూశావుగా, రెండు డ్రమ్ములూ మెట్ల మీద జారిన బిందెలా దొర్లాయి.

నేను 1974లో అమెరికా వచ్చి ఈ ఫిలడెల్ఫియాలో దిగాను. ఆ ఏడాది ఏ రేడియో పెట్టినా ఈ ఊరి సంగీతమే. గాంబుల్, హఫ్ అని ఇద్దరు 1971లో ఇక్కడ ఫిలడెల్ఫియా ఇంటర్నేషనల్ అనే రికార్డు కంపెనీ పెట్టారు. వాళ్ల రికార్డింగులు నార్త్ ట్వెల్త్ స్ట్రీట్‌లో 212 నంబరు భవనంలో, సిగ్మా సౌండ్ స్టూడియోలో జరిగేవి. నేను రోజూ ఆ పక్క వీధిలోంచే నడిచి పోయేవాణ్ణి. లోపల ఏం జరుగుతోందో తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది, అది వేరే ఏడుపు.

ఆ స్టూడియోలో ఎర్ల్ యంగ్ అని ఒక డ్రమ్మర్. 1973లో హెరాల్డ్ మెల్విన్ బృందానికి 'ది లవ్ ఐ లాస్ట్' వాయించాడు. ముందు దాన్ని నెమ్మది పాటగా అనుకున్నారు, స్టూడియోలో వేగం పెంచారు. కాలి కింద పెద్ద డ్రమ్ము నాలుగు బీట్లకీ సమంగా, మధ్య మధ్య హై-హ్యాట్, అంటే కాలితో తెరిచి మూసే జంట తాళాలు, తెరుచుకుంటూ: ధమ్-చ్చ, ధమ్-చ్చ. తర్వాత డిస్కో అంతా ఆ 'చ్చ' మీదే నడిచింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మిగతా వాయిద్యాలన్నీ మరిచిపోయి ఆ 'చ్చ' ఒక్కటే ఐదు నిమిషాలు విను. రెండు డిస్కో పాటలు అతికేటప్పుడు కలవాల్సింది ముందు అదే. పెద్ద డ్రమ్ములు కాస్త అటూ ఇటూ అయినా చెవి క్షమిస్తుంది. హై-హ్యాట్‌లు రెండూ కొట్టుకుంటే మాత్రం రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుంటుంది.

అమెరికాలోనే మెంఫిస్ అనే ఊళ్లో చేసిన పాటలది ఇంకో తీరు. 1965లో విల్సన్ పికెట్ 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్' పాడినప్పుడు, కుర్రకారు ఎలా గెంతుతున్నారో చూపించడానికి నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ స్టూడియోలోనే డాన్స్ చేశాడట. అది చూసి డ్రమ్మర్ ఆల్ జాక్సన్ రెండో బీటూ నాలుగో బీటూ వెంట్రుకవాసి ఆలస్యంగా కొట్టాడు. ఆ పాట అందం అంతా ఆ ఆలస్యంలోనే ఉంది. నువ్వేం చేశావు? సరిగ్గా గీత మీదికి లాగి కూర్చోబెట్టావు! ఇంక అది పికెట్ పాట కాదురా, ఎక్సర్‌సైజ్ క్లాసు.

ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ సంగతి మనవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. అంతకుముందు పాటల్లో బరువంతా రెండూ నాలుగూ బీట్ల మీద ఉండేది, ఆయన దాన్ని మొదటి బీట్ మీదికి మార్చాడు. మన తాళంలో సమం ఎలాగో ఆయనకి 'ది వన్' అలాగ. మిగతా మూడు బీట్లలో గిటారు, బాకాలు, డ్రమ్ములు ఎక్కడ తిరిగినా మొదటి దెబ్బకి అందరూ ఇంటికి రావాల్సిందే. కాబట్టి ఫంక్ నుంచి ఫంక్‌కి పోవాలంటే పొడుగాటి అతుకు వద్దు. ఒక పాట సమం మీద ఠక్కున ఆగాలి, రెండోది అదే సమం మీద దిగాలి. కత్తితో కోసినట్టు. నువ్వు ఆయన 'కోల్డ్ స్వెట్' మీద ఇంకో పాటని అరనిమిషం కప్పావు. రెండు బృందాలూ ఒకే ఇంటి తలుపు కోసం కొట్టుకుంటున్నట్టుంది.

మెషీన్ లయ ఉన్న పాటలు నీ జాబితాలోనూ లేకపోలేదు. డోనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్', 1977, సింథసైజర్ నడిపిన పాట. దానికి నీ సింక్ బటన్ చక్కగా పనిచేస్తుంది. బీ జీస్ బృందం 'స్టేయిన్ అలైవ్' ఇంకా తమాషా. రికార్డింగ్ మధ్యలో డ్రమ్మర్ ఇంటికి వెళ్లాల్సి వస్తే, 'నైట్ ఫీవర్' పాటలోంచి రెండు బార్ల (బారుకి నాలుగు బీట్లు) డ్రమ్ముల ముక్క కోసి, టేపుని గుండ్రంగా అతికించి (దాన్నే లూప్ అంటారు) తిప్పారు. రికార్డు మీద వాయించినవాడి పేరు వెయ్యాలి కనక బెర్నార్డ్ లూప్ అని లేని మనిషి పేరు వేశారు. ఇలాంటి పాటలు మిక్స్‌లో రెండు మూడు చోట్ల పెట్టుకో, నీకూ కాస్త ఊపిరి తీసుకోవడానికి ఉంటుంది.

ఇప్పుడు పని చెప్తాను. ఒక నోట్‌బుక్ తీసుకో, ఫోన్ కాదు. ప్రతి పాటకీ మొదటి నిమిషంలో వేగం ఎంత, చివరి నిమిషంలో ఎంత అని కాలితో తాళం వేస్తూ లెక్కపెట్టి రెండంకెలు రాసుకో. వెళ్లే పాట చివరి అంకె, వచ్చే పాట మొదటి అంకె దగ్గరగా ఉంటే అతుకు సగం పడినట్టే. తర్వాత పాట మలుపులు చూడు. ఎక్కువ పాటలు ఎనిమిది బార్లకి, అంటే 32 బీట్లకి ఒక మలుపు తిరుగుతాయి. మలుపులో రెండో పాట ఎక్కించు. ఒకడు పాడుతుంటే ఇంకొకణ్ణి పాడనివ్వకు. అతుకు పడేచోట గొంతు ఒక్కటే ఉండాలి, ఏ గొంతూ లేకపోతే మరీ మంచిది.

వేగం సాగదీసే ముందు శ్రుతి కూడా గుర్తుంచుకో. పాత పద్ధతిలో రికార్డు వేగం ఆరు శాతం పెంచితే వీణ మీద ఒక మెట్టు పైకి పోయినట్టు లెక్క. శ్రుతి లాక్ చేసే బటన్ నీకుందిలే, కానీ ఎక్కువ లాగితే హై-హ్యాట్ చప్పుడు నలిగిపోతుంది. నేనైతే మూడు శాతం దాటను.

అతకడానికి డ్రమ్ములు మాత్రమే ఉండే చోటు దొరకడం లేదని రాశావు. ఎక్కణ్ణుంచి దొరుకుతుంది, నువ్వు తీసుకున్నవన్నీ మూడు నిమిషాల సింగిల్స్, ఏడంగుళాల చిన్న రికార్డులాయె. అదే పాటకి పన్నెండంగుళాల రికార్డు వెర్షన్ ఉందేమో వెతుకు, అందులో పాట పొడుగ్గా ఉంటుంది, డ్రమ్ములకి చోటుంటుంది. ఆ రికార్డుకి కారకుడు టామ్ మౌల్టన్, డాన్సు కోసం పాటల్ని పొడిగించి మిక్స్ చేసేవాడు. 1970ల్లో న్యూయార్క్ దగ్గర ఫైర్ ఐలండ్‌లో ఒక క్లబ్‌కి 45 నిమిషాల టేపు చెయ్యడానికి 80 గంటలు పట్టిందని చెప్పుకున్నాడు. ఒకరోజు స్టూడియోలో ఏడంగుళాల ఖాళీ ప్లేట్లు అయిపోతే పెద్ద ప్లేటు మీద పాట చెక్కించాడు. గాడులు వెడల్పుగా పడి శబ్దం బిగ్గరగా, బేస్ నిండుగా వచ్చింది. అలా మొదలైంది. 1975లో వచ్చిన గ్లోరియా గేనర్ ఆల్బమ్ 'నెవర్ కెన్ సే గుడ్‌బై' మొదటి వైపు మూడు పాటలు సందు లేకుండా కలిపింది ఆయనే. నీ కొత్త మిక్స్ మొదలుపెట్టే ముందు అది ఒక్కసారి విను.

నా మొదటి మిక్సులన్నీ క్యాసెట్ మీద పాజ్ బటన్‌తో చేసినవే. పాజ్ వదలగానే టేపు ఒక్కసారిగా వేగం అందుకోదు, అరక్షణం 'వ్యూఁ' అని సాగుతుంది. అందుకని బీట్‌కి రవ్వంత ముందే వదలడం నేర్చుకున్నాను. ఒక ఉగాది పార్టీకని రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని చేశాను. అరువు తెచ్చిన డెక్ నెమ్మదిగా తిరుగుతోందని నాకేం తెలుసు? దాని మీద దానికి బాగానే వినిపించింది. హాల్లో ఇంకో డెక్ మీద పెట్టేసరికి గాయకుడు మార్విన్ గే గొంతు చిన్నపిల్లాడి గొంతులా సన్నగా, తొందరగా! పులిహోర తింటున్నవాళ్లు తలెత్తి చూశారు. అప్పట్నుంచి ఎక్కడ వాయించాలో అక్కడికెళ్లి ఒకసారి వినకుండా ఏ టేపూ ఇవ్వలేదు. నువ్వూ పార్టీ ముందురోజు మీ స్నేహితుడి మేడ మీదికి వెళ్లి, ఆ స్పీకర్ల మీదే విను. మేడ మీద గోడలుండవు, బేస్ గాల్లో కలిసిపోతుంది.

అన్నట్టు, అన్నీ కలపాలని రూలేం లేదు. న్యూయార్క్‌లో డేవిడ్ మన్కూసో 1970 నుంచి తన ఇంట్లోనే పార్టీలు నడిపాడు. కొన్నేళ్లకి కలపడమే మానేసి, ప్రతి పాటనీ మొదట్నుంచి చివరిదాకా వేశాడు. జనం పాట ముగిశాక చప్పట్లు కొట్టేవారు. నీ మిక్స్‌లో కూడా ఒకచోట, నలభయ్యో నిమిషం ప్రాంతంలో, పాటని పూర్తిగా అయిపోనిచ్చి రెండు సెకన్లు ఖాళీ వదిలి నెమ్మది సోల్ పాట ఒకటి వెయ్యి. చెమట తుడుచుకుంటారు, మంచినీళ్లు తాగుతారు.

మన పాటలు కలపొచ్చా అని అడిగావు. ఒక్కటి, చివర్లో. 'కుంగ్ ఫూ ఫైటింగ్' అనే డిస్కో పాట నిర్మించిన బిడ్డూ మన బెంగుళూరు వాడే. 1980లో హిందీ సినిమా ఖుర్బానీలో నాజియా హసన్ పాడిన 'ఆప్ జైసా కోయీ' కూడా ఆయనదే. ఆ రెండూ పక్కపక్కన పెట్టు, మాటల్లేకుండానే జనానికి చుట్టరికం తెలుస్తుంది. మన పాట ఇంకోటి పెట్టావంటే సంగీత్ అయిపోతుంది.

ముందు నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి పంపు, మిక్స్ తర్వాత పంపొచ్చు. అంకెలు చూస్తే చాలు, ఎక్కడ తేడా వస్తుందో చెప్తాను. మీ అమ్మకి ఆదివారం ఫోన్ చేస్తానని చెప్పు, మీ నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందో అప్పుడు అడుగుతాను.

ఇట్లు,
మీ మామయ్య