తొలగించిన వస్తువు పేజీని హోమ్ పేజీకి మళ్ళించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనది ఇది: పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌లతో (మొదటిది పేజీలను తయారుచేసే ప్రోగ్రాం భాష, రెండోది డేటాబేసు) నడిచే మీ సైటులో అమ్ముడైన వస్తువును డేటాబేసు నుంచి తీసేస్తున్నారు. పాత లింకు తెరిచినవారికి ‘ఈ వస్తువు లేదు’ అన్న మాట కనిపిస్తున్నా, గూగుల్ సెర్చ్ కన్సోల్ (గూగుల్ మీ సైటును ఎలా చూస్తోందో సైటు యజమానికి చూపే పనిముట్టు) ఆ పేజీలను ‘సాఫ్ట్ 404’, అంటే సరుకు లేకపోయినా సర్వరు ఉందని చెబుతున్న పేజీలు, కింద చూపిస్తోంది. వాటన్నిటినీ హోమ్ పేజీకి మళ్ళించి, రోబోట్స్ ఫైలులో (ఏ పేజీలను తెరవకూడదో సెర్చ్ ఇంజన్లకు చెప్పే ఫైలు) అడ్డు కూడా పెడితే చాలునా అని అడిగారు. చాలదు. ఆ రెండు పనులూ నేను చేసి చూసినవే.

కడపలో అద్దె ఇళ్ల ప్రకటనల కోసం నేనొక చిన్న సైటు కొన్నేళ్లు నడిపాను. ఇల్లు అద్దెకు పోగానే ప్రకటనను తొలగించేవాడిని, కానీ పేజీ శీర్షికను డేటాబేసు నుంచి కాక లింకులోని మాటల నుంచి తయారుచేసేలా ప్రోగ్రాం రాసుకున్నందువల్ల, ప్రకటన పోయాక కూడా ‘ఎర్రముక్కపల్లిలో రెండు పడక గదుల ఇల్లు’ అన్న శీర్షిక నిక్షేపంగా నిలిచి, దాని కింద ‘అద్దె: రూ.’ అని ఖాళీగా కనిపించేది. సర్వరు మాత్రం ఆ ఖాళీ పేజీకి కూడా 200, అంటే అంతా సవ్యంగా ఉంది, అనే సమాధానం ఇచ్చేది. ఇంట్లో మనుషులు దిగిన తరువాత కూడా గేటుకు టులెట్ బోర్డు వేలాడుతున్నట్టే. యోగి వేమన విశ్వవిద్యాలయంలో చేరడానికి వచ్చిన ఒకాయన నాకు ఫోన్ చేసి, “గూగుల్‌లో ఉంది కదా సార్, మీరేమో లేదంటారు” అని నిలదీశాక గానీ నాకు లోపం ఎక్కడుందో తెలియలేదు.

పేజీలో మనిషి చదివే మాట వేరు, సర్వరు సమాధానంలో మొదటి వరుసలో పంపే స్థితి సంఖ్య వేరు. వస్తువు లేనప్పుడు ఆ సంఖ్య 404, అంటే ‘దొరకలేదు’, కావాలి. పీహెచ్‌పీ 5.4 నుంచి దీనికోసం ప్రత్యేకమైన ఫంక్షనే ఉంది. అయితే పేజీలో ఒక్క అక్షరం బయటికి వెళ్లక ముందే దాన్ని పిలవాలి. నా ప్రోగ్రాంలో ముందు లోగో, మెనూ ముద్రించి, ఆ తరువాత డేటాబేసును అడిగే క్రమం ఉండేది కాబట్టి నేను 404 పెట్టినా పని చేయలేదు. డేటాబేసును అడిగే ప్రశ్నను ఫైలు మొదటికి తెచ్చి, డేటాబేసులో ఆ ప్రకటన వరుస (రికార్డు) దొరికిందో లేదో తేల్చుకున్నాకే మిగిలిన పేజీని మొదలుపెట్టేలా మార్చాను. అప్పటికీ సర్వరులో ‘హెడర్స్ ఆల్రెడీ సెంట్’ అన్న హెచ్చరిక వచ్చేది. కారణం నోట్‌ప్యాడ్ ఫైలు మొదట్లో చేర్చిన, కంటికి కనిపించని మూడు బైట్లు. వాటి కోసం ఒక మధ్యాహ్నమంతా వెతికాను. నా సొంత కంప్యూటరులో అవుట్‌పుట్ బఫరింగ్ (పేజీని వెంటనే పంపకుండా పోగుచేసి ఉంచే అమరిక) ఉండడం వల్ల అక్కడ ఈ లోపం బయటపడలేదు.

404 ఇచ్చినంత మాత్రాన పేజీ బోసిగా ఉండనక్కరలేదు. అదే పేటలోని ఇతర ఇళ్ల జాబితాను నేను దాని కిందే చూపించేవాడిని. హోమ్ పేజీకి మళ్ళిస్తే వచ్చినవాడికి తాను అడిగింది ఏమైందో తెలియదు, గూగుల్ కూడా అలాంటి మళ్ళింపులను సాఫ్ట్ 404గానే లెక్కిస్తుంది. అదే వస్తువు కొత్త లింకులోకి మారినప్పుడు మాత్రమే 301 (శాశ్వత మళ్ళింపు) తగినది. ఒకప్పుడు ఉండి ఇప్పుడు తొలగిపోయినదానికి 410 అనే సంఖ్య కూడా ఉంది. వరుసను చెరిపేయకుండా ‘అమ్ముడైంది’ అని గుర్తు పెట్టుకుంటే 410 ఇవ్వవచ్చు. గూగుల్ 404, 410 రెండింటినీ దాదాపు ఒకే తీరుగా చూస్తుంది కనుక దీని గురించి ఎక్కువగా ఆలోచించవద్దు.

ఎక్కువగా ఆలోచించవలసింది ఇంకొకటి ఉంది. ఒక రాత్రి మా డేటాబేసు ఆగిపోయింది. పీహెచ్‌పీ 8.1కి ముందు మైఎస్‌క్యూఎల్‌ఐ (పీహెచ్‌పీ నుంచి డేటాబేసును అడిగే భాగం) తనంతట తానుగా ఎక్సెప్షన్, అంటే ప్రోగ్రాంను ఆపే లోపం సంకేతం, విసరదు, ప్రశ్న విఫలమైతే ‘ఫాల్స్’ అని ఊరుకుంటుంది. నేను ‘వరుస దొరకలేదు’, ‘అడగడమే కుదరలేదు’ అన్న రెండింటినీ ఒకే షరతులో కలిపి రాసినందువల్ల, ఇంకా ఖాళీగా ఉన్న ఇళ్ల పేజీలు కూడా తెల్లవార్లూ 404 చెబుతూ కూర్చున్నాయి. అడగడం కుదరనప్పుడు ఇవ్వవలసింది 503, అంటే ‘ప్రస్తుతం సేవ అందుబాటులో లేదు’. ఈ రెండు దారులను విడదీయకుండా 404ను సైటులో పెట్టకండి.

అపాచీ అనే సర్వరు ప్రోగ్రాం వాడుతుంటే, ఎర్రర్ డాక్యుమెంట్ వరుసలో (లోపం వచ్చినప్పుడు ఏ పేజీ చూపాలో చెప్పే అమరిక) పూర్తి చిరునామా రాయకుండా స్లాష్‌తో మొదలయ్యే దారి మాత్రమే ఇవ్వండి. పూర్తి చిరునామా ఇస్తే సర్వరు 404కు బదులు మళ్ళింపు పంపిస్తుంది. ఇక రోబోట్స్ ఫైలులో అడ్డు ఇప్పటికే పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి. అది ఉన్నంత కాలం గూగుల్ ఆ పేజీలను తెరవలేదు కాబట్టి మీరు పెట్టిన 404 దాని కంట పడదు. సరిచేశాక ఒక పాత లింకును బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూడండి, సంఖ్య అక్కడే కనిపిస్తుంది.