తెలుగులో రచయిత, ఎడిటర్ కావాలంటే ఏం చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు బీకాం రెండో ఏడాదిలో ఉన్నానని, కథలు రాయడం ఇష్టమని, ఎడిటింగ్ కూడా నేర్చుకోవాలని ఉందని, ఇంట్లో మాత్రం "రాతలు కూడు పెడతాయా" అంటున్నారని రాశారు. పెడతాయి. నాకు పద్దెనిమిదేళ్లుగా పెడుతున్నాయి, పదమూడేళ్లు పత్రిక డెస్కులో (వచ్చిన వార్తలు దిద్ది పేజీకి సిద్ధం చేసే విభాగం), ఆ తర్వాత అనువాదాలు, పుస్తకాల ఎడిటింగుతో. అయితే కూడు పెట్టింది ఎడిటింగే, నా కథల మీద వచ్చిన డబ్బు మొత్తం కలిపినా ఒక ఏడాది ఇంటి అద్దెకు సరిపోదు. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే మొదటి మూడు నాలుగేళ్లు అంత టెన్షన్ పడేదాన్ని కాదు, అందుకే మీకు ముందే చెప్తున్నాను.

కోర్సు సంగతి తొందరగా తేల్చేద్దాం. ఏ డిగ్రీ అయినా పర్వాలేదు. నాది బీఎస్సీ. పెద్ద పత్రికలు సొంతంగా జర్నలిజం స్కూళ్లు నడుపుతాయి, ఈనాడు జర్నలిజం స్కూల్ పేరు మీరు వినే ఉంటారు. ప్రకటన పత్రికలోనే వేస్తారు. రాతపరీక్షలో తెలుగు ఎలా రాస్తారో చూస్తారు, ఇంగ్లిష్ నుంచి అనువాదం ఇస్తారు, లోకంలో ఏం జరుగుతోందో అడుగుతారు, తర్వాత ఇంటర్వ్యూ. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. 2007లో నేను చేరిన చోట నెలకు ఐదు వేలు వచ్చేది, హాస్టల్ ఖర్చు పోను పెద్దగా మిగిలేది కాదుగానీ ఇంటి నుంచి అడగాల్సిన పని తప్పింది. కొన్ని చోట్ల ఇన్నేళ్లు పనిచేస్తామని ఒప్పందం రాయించుకుంటారు, సంతకం పెట్టేముందు ప్రతి లైనూ చదవండి. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో, హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయంలో జర్నలిజం కోర్సులున్నాయి. చేస్తే మంచిదే. కానీ ఎడిటింగ్ అనేది నాకు తెలిసినంతలో క్లాసులో వచ్చే విద్య కాదు, రోజుకు ముప్పై నలభై మంది రాసినవి చేతిలో పడితే వస్తుంది. అంతకంటే ముందు, మనం రాసింది ఇంకొకరు మన కళ్లెదుటే దిద్దితే వస్తుంది.

బీకాం మానేయాలని ఆలోచిస్తుంటే మాత్రం దయచేసి మానొద్దు. డెస్కులో బిజినెస్ పేజీ చూడటానికి మనుషులు దొరకరు. కథలు, రాజకీయాలు, సినిమా రాస్తామని వచ్చేవాళ్లు బోలెడుమంది, బ్యాలెన్స్ షీట్ చదివి నాలుగు తెలుగు వాక్యాల్లో చెప్పగలిగినవాళ్లు ఒకరో ఇద్దరో. వార్తా ఏజెన్సీల నుంచి ఇంగ్లిష్‌లో వచ్చే వార్తల్లో మిలియన్లు, బిలియన్లు ఉంటాయి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు అని అందరికీ తెలుసు, అయినా రాత్రి పదకొండింటికి తొందరలో ఒక సున్నా జారిపోతుంది. "కంపెనీ లాభమే ఇంత అయితే అమ్మకాలు ఇంతేనా" అని అనుమానపడే బుర్ర అక్కడ కావాలి, అది మీ చదువే ఇస్తుంది.

ఇక డెస్కు. నేను నేర్చుకున్నదంతా అక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నేను చేరిన రెండో వారంలో ఒక మండలం కంట్రిబ్యూటర్, అంటే అక్కడి నుంచి వార్తలు రాసి పంపే మనిషి, పంపిన వార్త నా ముందుకొచ్చింది. "మండల పరిధిలోని పలు గ్రామాలలో ఆదివారం సాయంత్రం సుమారు 5 గంటల ప్రాంతంలో ఈదురుగాలులతో కూడిన భారీ వర్షం కురవడం జరిగింది. దీని కారణంగా మిర్చి కల్లాలలో ఉన్న పంట తడిసి ముద్దవడంతో రైతులు తీవ్ర ఆవేదన వ్యక్తం చేయడం జరిగింది" అని ఉంది. నేను రెండు "జరిగింది"లు తీసేసి, "సుమారు", "ప్రాంతంలో" రెండూ ఒకటే కాబట్టి ఒకటి కొట్టేసి, బాగా దిద్దాననుకుని మా ఇన్‌ఛార్జి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చదివి, ఎర్ర పెన్నుతో "పలు" అన్న మాట చుట్టూ ఒక సున్నా చుట్టి, "పలు అంటే ఎన్నమ్మా?" అన్నారు. నాకు తెలియదు. "ఫోన్ చెయ్యి, టార్పాలిన్ పట్టాలు కప్పుకున్నారో లేదో కూడా అడుగు" అన్నారు. చేశాను. మూడు ఊళ్లు. పట్టాలు పొలం గట్టున మడతపెట్టి ఉన్నాయట, పరుగెత్తి తెచ్చేలోపే వాన దంచేసిందట. చివరికి అచ్చయింది ఇది: "కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఆదివారం సాయంత్రం వానకు తడిసిపోయింది. మూడు గ్రామాల రైతులకు పట్టాలు కప్పుకునే వ్యవధి కూడా దొరకలేదు." ఆవేదన అన్న మాటే లేదు, చదివితే మాత్రం కడుపులో దేవినట్టు ఉంటుంది. ఎడిటింగ్ అంటే మాటలు దిద్దడమే అనుకునేదాన్ని, ఆరోజుతో ఆ భ్రమ పోయింది. సగం పని ఫోన్ చేసి అడగడమే.

ఇంకోటి చెప్పాలి, చెప్పడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆటో బోల్తా పడిన వార్త ఒకటి, ఒకరు చనిపోయారు, ఇద్దరికి గాయాలు. పద్దెనిమిది లైన్ల వార్తను తొమ్మిది లైన్లకు కుదించాలి, పేజీ వెళ్లిపోయే టైం అయింది. కుదించడంలో రెండు వాక్యాలు కలిపేశాను, గాయపడిన మనిషి పేరు మృతుడి పేరు దగ్గరికొచ్చి చేరింది. మర్నాడు పొద్దున ఆయన తమ్ముడు పేపరు పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. అరవలేదు. "మా అన్న ఆస్పత్రిలో మాట్లాడుతున్నాడండీ, మా ఊళ్లో టెంటు వేశారు, మా వదిన పేపరు చూసి పడిపోయింది" అన్నాడు. తర్వాతి రోజు సవరణ వేశాం, లోపలి పేజీలో నాలుగు లైన్లు. ఆ తర్వాత ఇప్పటిదాకా, వార్తయినా నవలయినా, ఏదైనా కోత వేశాక పేర్లు, అంకెలు, తేదీలు వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి చదవకుండా పంపలేదు. మీరు ఈ పనిలోకి వస్తే మొదటిరోజు నుంచే ఈ అలవాటు చేసుకోండి, నాలాగా దెబ్బ తగిలాక కాదు.

డెస్కు వల్ల కథకు ఒక నష్టం కూడా ఉంది. రెండేళ్లు ఉద్యోగం చేశాక నేను రాసిన కథలో అమ్మ పాత్ర కూడా పత్రిక భాషే మాట్లాడింది. మాది ప్రకాశం జిల్లా, మా అమ్మ "అట్టా ఎట్టా కుదురుద్దే" అంటుంది, కథలో మాత్రం "అలా ఎలా కుదురుతుంది" అంది. అందరికీ అర్థమయ్యే ఒకే తెలుగు రాయడం పత్రికకు అవసరం, అది తప్పు కాదు. కథలో మాత్రం అదే తెలుగు రాస్తే మనుషులు చచ్చిపోతారు. అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: ఇంటికి ఫోన్ చేసినప్పుడు వినపడ్డ మాటలు, నుడికారాలు ఒక నోట్‌బుక్కులో రాసుకోవడం, కథ పొద్దున్నే రాయడం, అంటే ఆఫీసు తెలుగు ఇంకా నోట్లోకి రాకముందే. మీరు ఏ జిల్లావారో నాకు తెలియదు, ఏదైనా సరే ఆ మాటను కాపాడుకోండి, డిక్షనరీలో దొరకని సొమ్ము అది.

2020లో కరోనా సమయంలో పత్రికలు పేజీలు తగ్గించుకున్నాయి, చాలామంది ఉద్యోగాలు పోయాయి. నన్నూ పిలిచి రాజీనామా రాసివ్వమన్నారు, పదమూడేళ్ల పని పది నిమిషాల్లో అయిపోయింది. అప్పుడు నన్ను నిలబెట్టింది అనువాదం. డెస్కులో రోజూ చేసిన పనే కాబట్టి చెయ్యి తిరిగి ఉంది. నాకు దొరికిన పనుల్లో మాటకు ఎనభై పైసల నుంచి రూపాయిన్నర దాకా ఇచ్చారు. ఇప్పుడు చాలా సంస్థలు యంత్రంతో అనువాదం చేయించి, దాన్ని దిద్దమని తక్కువ రేటుకు పంపుతున్నాయి. "మంత్రి చేత ప్రారంభించబడుతుంది" అని వస్తుంది, దాన్ని "మంత్రి ప్రారంభిస్తారు" అని మార్చాలి. రేటు తక్కువని వదిలేయమని చెప్పను, ఇల్లు గడవాలి కదా, కానీ ఒక్క దాని మీదే ఉండొద్దు. రోజంతా "బడింది"ల మధ్య ఉంటే మన వాక్యం కూడా అలాగే తయారవుతుంది.

పుస్తకాల ఎడిటింగ్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. తెలుగులో చాలా పుస్తకాలు రచయితలే సొంత డబ్బుతో వేసుకుంటారు. డీటీపీ చేయిస్తారు, ప్రూఫులు దిద్దిస్తారు, అచ్చుకిస్తారు. మధ్యలో ఎడిటర్ ఉండరు. ప్రూఫులు దిద్దడం అంటే వత్తులు, దీర్ఘాలు, అచ్చుతప్పులు చూడటం. ఈ అధ్యాయం ఇక్కడ ఎందుకుంది, ఈ పాత్ర నలభయ్యో పేజీ తర్వాత ఎటుపోయింది, ఈ పెళ్లి 1965లో అయితే కొడుక్కి 1970లో పదేళ్లెలా వచ్చాయి అని అడగడం ఎడిటింగ్. ఆ అడిగేవాళ్లు లేకపోవడం వల్ల ఎంత మంచి పుస్తకాలు నష్టపోతున్నాయో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. రిటైరైన ఒక మాస్టారు తన ఆత్మకథ పంపారు, డెమీ సైజులో 400 పేజీలు. మొదటి అరవై పైచిలుకు పేజీలు వంశవృక్షం, ఎవరికి ఎవరు ఏమవుతారో. ఆ తర్వాత వచ్చింది 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన రాత్రి. తలుపు సందులోంచి ముందు ఉప్పు వాసన వచ్చిందని, తర్వాత నీళ్లొచ్చాయని, తెల్లారేదాకా తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని ఉన్న చేతులు తర్వాత రెండు రోజులు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోయాయని రాశారు. చదువుతూ లేచి నిలబడ్డాను. "మాస్టారూ, పుస్తకం ఇక్కడ మొదలవ్వాలండీ, వంశం సంగతి ముఖ్యమైనంత వరకు మధ్యలో తెద్దాం" అని ఫోన్ చేశాను. ఆయన నొచ్చుకున్నారు, మూడు వారాలు మాట్లాడలేదు. వాళ్ల నాన్న పేరు మొదటి పేజీలో ఉండాలన్నది ఆయన కోరిక, అది నేను ముందే అడిగి తెలుసుకోవాల్సింది. చివరికి అంకితం పేజీ నాన్నగారికి ఇచ్చి, ఉప్పెనతో మొదలుపెట్టాం. 64 పేజీలు తగ్గాయి. పదహారు పేజీలు ఒక ఫారం కాబట్టి నాలుగు ఫారాల కాగితం, అచ్చు ఖర్చు ఆయనకు మిగిలాయి, నా ఫీజులో కొంత అందులోంచే వచ్చినట్టు లెక్క. మీరు ఎడిటర్‌గా పని అడిగేటప్పుడు ఈ లెక్క రచయితకు చూపించండి, మాటల కంటే తొందరగా ఒప్పుకుంటారు.

మన పేరు ఎక్కడా కనపడదన్న దిగులు కొందరికి ఉంటుంది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామలో సంపాదకత్వం చూశారు, బయటి నుంచి వచ్చిన కథలను పిల్లలకు తేలిగ్గా అర్థమయ్యే ఆ తెలుగులోకి తిరగరాసేవారు, పత్రికలో సంపాదకుడిగా ఆయన పేరు వేసేవారు కాదు. అదే కాలంలో ఆయన సొంత కథలు, నవలలు రాస్తూనే ఉన్నారు. రెండు పనులూ ఒకే మనిషి చేయగలరని నాకు ధైర్యం ఇచ్చింది ఆయనే. సురవరం ప్రతాపరెడ్డి సంగతి ఇంకో రకం. తెలంగాణలో కవులు లేరని ఎవరో అన్నందుకు, 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. వెతకడం, అడగడం, పోగేయడం, వరస పెట్టడం, అదంతా ఎడిటర్ పనే.

ఇప్పుడు, డిగ్రీ చదువుతూనే చేయగలిగినవి. యూనికోడ్‌లో వేగంగా టైప్ చేయడం నేర్చుకోండి, దానితోపాటు యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల గురించి కూడా తెలుసుకోండి, ఎందుకంటే ప్రెస్సుల్లో ఇంకా చాలా పని వాటిలోనే నడుస్తుంది, అటు నుంచి ఇటు మార్చేటప్పుడు అక్షరాలు చెదిరిపోతే దిద్దాల్సింది మనమే. తెలుగు వికీపీడియాలో ఖాతా తెరిచి మీ ఊరి పేజీ దిద్దండి. డబ్బు రాదుగానీ, రాసిన ప్రతి మాటకూ ఆధారం ఏదని ఎవరో ఒకరు అడుగుతారు, అలా అడిగించుకోవడం మంచి శిక్షణ. అనుమానం వచ్చిన ప్రతి మాటకూ ఆంధ్రభారతి నిఘంటువు తెరవండి. కథలు వెబ్ పత్రికలకు పంపండి, ముఖ్యంగా 1998 నుంచి వస్తున్న ఈమాట లాంటి, కథను చదివి ఎక్కడ కుదరలేదో చెప్పే పత్రికలకు. నా మొదటి కథ ఒక పత్రిక నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది, మూడోసారి వేసుకున్నారు, ఆ రెండు ఉత్తరాలూ ఇప్పటికీ దాచుకున్నాను.

ఇంట్లోవాళ్లకు మాత్రం "రచయితనవుతాను" అని చెప్పకండి, "పత్రికలో ఉద్యోగానికి పరీక్ష రాస్తాను" అని చెప్పండి. అది అబద్ధం కాదు, వాళ్లకు కాస్త స్థిమితంగానూ ఉంటుంది.

చివరగా, మీకు వీలైతే ఈ వారం మీ వీధిలో జరిగిన ఏదో ఒక విషయం మీద ఒక్క పేజీ రాసి నాకు పంపండి, కథ అక్కర్లేదు. దిద్ది, ఎక్కడ ఎందుకు దిద్దానో పక్కన రాసి తిరిగి పంపుతాను.