మీటరు మార్చకండి, ముందు ట్యాంకు ఎర్త్ చూడండి

మీ డీజిల్ జీపుకు పదిహేనేళ్లు దాటాయి. ట్యాంకు నిండా పోయించినా డీజిల్ మీటరు ముల్లు సగం దాటదు. రాత్రి లైట్లు వేస్తే ఇంకాస్త దిగుతుంది. మిర్యాలగూడలో మెకానిక్ కొత్త మీటరు వేద్దామన్నారు, వేయించమంటారా అని అడిగారు. వద్దు, ఇప్పుడే వేయించకండి. నిరుడు ట్యాంకు దింపించి, తుప్పు గీయించి, రంగు వేయించానని చివర్లో ఒక మాట రాశారు. నా అనుమానమంతా ఆ రంగు మీదే.

ట్యాంకు లోపల డీజిల్ మీద తేలే ఫ్లోటు ఒక సన్నని కడ్డీకి బిగించి ఉంటుంది. మట్టం మారేకొద్దీ ఆ కడ్డీ పైకీ కిందికీ కదులుతూ, కరెంటును అడ్డుకునే నిరోధకపు తీగచుట్ట మీద జారుతుంది. ఇవన్నీ కలిసిందే యూనిట్. మీటరు నుంచి వచ్చిన కరెంటు ఆ చుట్ట గుండా ట్యాంకు రేకులోకి, అక్కడి నుంచి చాసిస్ (బండి ఇనుప చట్రం) మీదుగా బ్యాటరీ మైనస్‌కు చేరాలి. ఈ తిరుగు దారినే ఎర్త్ అంటారు. చాలా బండ్లలో నిరోధం తగ్గేకొద్దీ ముల్లు ఫుల్ వైపు పోతుంది. దారిలో రంగో తుప్పో అడ్డుపడితే ఆ నిరోధం కూడా కలిసి, నిండుగా ఉన్న ట్యాంకు సగమే ఉన్నట్టు కనబడుతుంది. వెనక లైట్లకూ అదే ఎర్త్ అయితే, లైట్లు వేయగానే వాటి కరెంటు కూడా ఆ ఇరుకు దారినే పోవాలి. అందుకే మీ ముల్లు అప్పుడు కిందికి దిగుతోంది. ఇగ్నిషన్ ఆన్ చేసి బ్రేకు తొక్కి చూడండి. అప్పుడు కూడా కదిలితే ఇక సందేహించాల్సిన పని లేదు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. బత్తాయిల పనికీ ఇంటి ప్రయాణాలకూ ఒకటే పాత జీపు. దానికీ సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. పద్నాలుగు వందలు పెట్టి మీటరు మార్పించాను, ముల్లు మాత్రం మారలేదు. ఇక చేసేది లేక ముల్లు సగం అంటే నిండా ఉన్నట్టు, పావు అంటే సగం ఉన్నట్టు అని మనసులో ఒక లెక్క కట్టుకుని నెలల తరబడి నడిపాను. మీరూ అలాగే అలవాటు పడిపోతారేమోననే నా భయం. పాడైన ఎర్త్ రోజూ ఒకే రకంగా ఉండదు. గుంతల్లో అదిరితే ఒకసారి గట్టిగా తగులుతుంది, ఇంకోసారి వదిలేస్తుంది.

కార్తీక మాసంలో అమ్మనూ పిల్లలనూ తీసుకుని డిండి మీదుగా శ్రీశైలం బయలుదేరాను. ముల్లు సగంలో ఉంది. నా లెక్క ప్రకారం ట్యాంకు నిండుగా ఉన్నట్టే కదా అని డీజిల్ పోయించలేదు. ఆ రోజు ఎర్త్ బాగా తగిలింది కాబోలు, ముల్లు చూపింది నిజమైన సగమే. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక, వటవర్లపల్లి ఇంకా రాకముందే, సాయంత్రం నాలుగింటికి బండి ఆగిపోయింది. ఆ దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. ఒక లారీ డ్రైవరు తన ట్యాంకులో గొట్టం వేసి ఐదు లీటర్లు తీసి ఇచ్చాడు, ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు. డీజిల్ పోసినంత మాత్రాన బండి కదలదు, పైపుల్లో గాలి పడుతుంది. ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, నురుగు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా చేతి పంపు కొట్టాల్సి వచ్చింది. ఆ గంటసేపు అమ్మ ముఖంలో చూసిన భయం నేను మరిచిపోలేదు.

మీరు చేయాల్సింది ఇది. ముందు ఇగ్నిషన్ ఆపండి. ట్యాంకు మీది యూనిట్‌కు వచ్చే మీటరు వైరు ఊడదీసి, దాని కొనను చాసిస్‌లో గీకిన చోట ఆనించి పట్టుకున్నాకే తాళం తిప్పించండి. ముల్లు ఫుల్ చివరి దాకా వెళ్లాలి. వైరు దేనికీ తగలకుండా విడిగా ఉంచినప్పుడు ఖాళీ చివరికి రావాలి. కొన్ని బండ్లలో దిక్కులు తారుమారుగా ఉంటాయి, ఫరవాలేదు, పూర్తిగా కదలడమే ముఖ్యం. పాత మీటర్లలో వేడికి వంగే రెండు లోహాల పట్టీ ఉంటుంది కాబట్టి ముల్లు నిదానంగా కదులుతుంది, అర నిమిషం ఓపిక పట్టండి. కదిలిందంటే మీటరూ వైరూ బాగున్నట్టే. కదలకపోతే ఫ్యూజు, వైరు చూసుకున్నాకే మీటరు సంగతి. ఇంజిన్ వేడి చూపే ముల్లు కూడా తప్పుగా ఉంటే, డాష్‌బోర్డు వెనక ఆ రెండింటికీ కలిపి ఉండే వోల్టేజి స్టెబిలైజరును చూపించండి.

ఇప్పుడు మీటరు వైరు మళ్లీ తగిలించి, ఇంకో వైరుతో యూనిట్ ఒంటి లోహాన్ని నేరుగా బ్యాటరీ మైనస్‌కు కలపండి. నిండు ట్యాంకుకు ముల్లు నిండుగా లేచిందంటే జబ్బు దొరికినట్టే. నా జీపుకు మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ ఈ పరీక్షే చేసి పది నిమిషాల్లో తేల్చాడు. చాసిస్‌కు ఎర్త్ బిగించే బోల్టు కింద బురద చేరి తుప్పు గడ్డకట్టింది. మీ బండికైతే బోల్టు కింద రంగు ఉంటుంది. మెరిసే లోహం కనబడేదాకా గీకి, కొత్త బోల్టుతో వైరు బిగించి, పైన గ్రీజు పూయండి. నాకు నలభై రూపాయలైంది.

నేరుగా కలిపినా మార్పు లేకపోతేనే యూనిట్ బయటికి తీయండి. తీసేముందు బ్యాటరీ వైర్లు విప్పండి, దగ్గరలో బీడీ కూడా వెలిగించనివ్వకండి. ఇదే పని పెట్రోలు బండికి చేసేవారైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి. లోపల డీజిల్ చప్పుడు వినబడితే అది చిల్లు పడి మునిగిపోతోందని అర్థం. దాన్ని మార్చండి, వేడి చేసి అతికించే ప్రయత్నం మాత్రం చేయవద్దు, లోపలి ఆవిరి అంటుకుంటుంది. ఫ్లోటు బాగుంటే నిరోధం కొలిచే మల్టీమీటరు పెట్టి కడ్డీని నెమ్మదిగా ఎత్తండి, అంకె ఎక్కడా తెగకుండా మారాలి.

బాగయ్యాక ట్యాంకు దాదాపు ఖాళీ అయినప్పుడు ఒకసారి బంకులో ఐదేసి లీటర్లు పోయిస్తూ, ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో రాసుకోండి. నేను రాసుకున్న కాగితం ఇప్పటికీ మా జీపు డాష్‌బోర్డు అరలో ఉంది. పావు గీత దగ్గర పదమూడు లీటర్లు.