బీరువా తలుపు మీద మూడు వరసలు

బుజ్జీ,

నువ్వు పంపిన లక్ష్యాల ఎక్సెల్ షీటు చూశాను. ఫోన్‌లో తెరిస్తే పక్కకి జరుపుతూనే ఉండాల్సి వచ్చింది. జర్మన్, కారు డ్రైవింగ్, ఆరు కిలోలు తగ్గడం, పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్) పరీక్ష, వీణ, ఇంటికి డౌన్ పేమెంటు... మొత్తం పదకొండు. అన్నీ ఉగాది నాడే మొదలుపెట్టావు. ఒకదాని ఎదురుగా ఇరవై శాతం, ఇంకోదాని ఎదురుగా ముప్ఫై. వంద దేనికీ లేదు. కింద "నాకు పట్టుదల లేదు మామయ్యా" అని రాశావు. నీ పట్టుదల సంగతేమో గానీ, ఇలాంటి లెక్కలు నేను ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చూశాను.

బాలానగర్‌లో స్టోర్సులో చేరిన కొత్తల్లో ప్రతి మెషీన్ పక్కనా సగం చేసిన పార్టుల ట్రేలు నడుమెత్తున పేరుకుని ఉండేవి. అందరూ చెమటోడ్చేవాళ్ళే. సాయంత్రం లారీ వస్తే ఎక్కించడానికి మాత్రం సరుకు ఉండేది కాదు. తర్వాత మాకు కాన్‌బాన్ నేర్పారు. టయోటాలో తాయిచి ఓనో అనే ఇంజినీరు 1950ల్లో పెట్టిన పద్ధతి అది. ఆ మాటకి జపాన్ భాషలో బోర్డు అని అర్థం. అమెరికా సూపర్ మార్కెట్లలో కొన్నవాళ్ళు తీసుకెళ్ళిన మేరకే అరలు మళ్ళీ నింపుతారు కదా, ఆయన ఆ కిటుకు పట్టుకున్నాడు. పార్టులు వాడుకునే మెషీన్ నుంచి "ఇంకా కావాలి" అని కార్డు వస్తేనే, వాటిని చేసే మెషీన్ పని మొదలుపెట్టాలి. రాకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ కూర్చోవడం మా సూపర్‌వైజర్లకి మింగుడు పడడానికే ఏడాది పట్టింది.

మీ అమ్మ గ్యాస్ సిలిండర్ల సంగతీ ఇదే. ఒకటి అయిపోగానే రెండోది తగిలించి, అప్పుడు బుక్ చేస్తుంది. ఖాళీ సిలిండరే కార్డు. ముందే నాలుగు తెచ్చి వరండాలో పెట్టుకోదు.

మీ ఆఫీసులో పనుల లెక్క చూసే సాఫ్ట్‌వేర్, జిరా అంటారే, అందులో నువ్వు రోజూ చూసే బోర్డు దీని మనవడే. (మొదటిసారి ఆ పేరు విని జీలకర్ర అనుకున్నాను. గాడ్జిల్లాని జపాన్‌లో గొజీరా అంటారు, అందులోంచి వచ్చిన పేరట.) కాబట్టి నీకు వరసలు నేర్పక్కర్లేదు. బీరువా తలుపు మీద "చేయాలి", "చేస్తున్నా", "అయిపోయింది" అని మూడు రాసి చీటీలు అంటించు. యాప్ వద్దు. యాప్ మూసేయగానే కంటికి కనపడదు, బీరువా అయితే రోజూ చీర కోసమో చున్నీ కోసమో తెరవాలి.

అసలు కీలకం నడిమి వరసలో ఉంది. అందులో మూడు చీటీలకి మించి ఉండకూడదు. మూడింట్లో ఒకటి అవతలికి వెళ్తేనే ఇవతల నుంచి ఇంకోటి లాగాలి. దీనికి లెక్క కూడా ఉంది. తెరిచి ఉన్న పనుల్ని నెలకి ముగిసే పనులతో భాగిస్తే ఒక్కోదానికి సగటున పట్టే నెలలు వస్తాయని జాన్ లిటిల్ అనే ప్రొఫెసర్ 1961లో నిరూపించాడు. నువ్వు సగటున నెలకో పని ముగించగలవనుకో. పదకొండు తెరిచిపెట్టుకుంటే ఒక్కోదానికి సగటున పదకొండు నెలలు. మూడే తెరిస్తే మూడు నెలలు. పడే కష్టం అంతే, నెలకి అయ్యే పనీ అంతే. కానీ మొదలుపెట్టిన పని ముగియడానికి పదకొండు నెలలు ఎవరు ఓపిక పడతారు? నీ పట్టుదల పోయింది అక్కడే.

చీటీ మీద "జర్మన్" అని రాయకు. అది ఎప్పటికీ అవతలి వరసకి పోదు. "మూడో పాఠం అభ్యాసాలు" అని రాయి. వారం పది రోజుల్లో తెగే ముక్క కావాలి. మొదలుపెట్టిన తేదీ ఒక మూల, ముగిసిన తేదీ ఇంకో మూల వెయ్యి. రెండు నెలలయ్యాక ఆ తేదీలు చూస్తే, నీకు నిజంగా ఎన్ని రోజులు పడుతుందో తెలుస్తుంది. వచ్చే ఉగాదికి వేసుకునే ప్లాను అప్పుడు కాస్త నమ్మొచ్చు. బ్యాంకువాళ్ళ కోసమో ఇంకెవరి కోసమో ఆగిన చీటీ మీద ఎర్ర చుక్క పెట్టు. దాన్ని మాత్రం నడిమి వరసలోంచి తీసేయకు. తీసేస్తే ఫోన్ చేసి అడగడం మర్చిపోతావు.

పొద్దున నడక, వీణ సాధన ఈ బోర్డు ఎక్కవు. వాటికి అయిపోవడం అనేది లేదు. క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకో, చాలు. నాన్నతో రోజూ మాట్లాడాలని కూడా షీటులో ఒక వరస పెట్టావు. అది చూసి నాకు నవ్వొచ్చింది, కాస్త బాధా వేసింది. దాన్ని కొట్టేసి ఫోన్ చెయ్యి.

రిటైరయ్యాక నేనూ ఇంట్లో బోర్డు పెట్టి, పెద్ద తెలిసినవాడిలా నడిమి వరసలో తొమ్మిది అంటించాను. స్టోర్సు మనిషినని నాకు రూలు వర్తించదనుకున్నా. మీ అత్తయ్య వచ్చి "బాత్రూం కుళాయి" అని పదోది అంటించింది. నలభై మూడు రోజులుగా కారుతోంది ఆ కుళాయి. ఇప్పుడు మూడే ఉన్నాయి, కుళాయి వాటిలో ఒకటి. ప్లంబర్ ఆదివారం వస్తానన్నాడు, ఎర్ర చుక్క పెట్టాను.

మామయ్య