ఏడు నెలల జీతం మీద పన్నెండు నెలల అప్పులు మోయగలరా?

ప్రశ్న: మాది హన్మకొండ. వయసు 34. మెకానికల్ డిప్లొమా తర్వాత ఫైర్ అండ్ సేఫ్టీ చదివి, అబుదాబి వైపు చమురు ప్లాట్‌ఫాంలకు పనిచేసే ఓడలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తున్నాను. ఓడ మీద ఉన్నన్ని రోజులకే జీతం. నెలంతా ఉంటే 1.70 లక్షలు వస్తుంది. గత ఏడాది ఏడు నెలలు పని దొరికింది. పోయిన నెలే దిగాను, మళ్లీ పిలవడానికి నాలుగు నెలలు పట్టొచ్చు అంటున్నారు. ఇంటి ఖర్చు నెలకు 42 వేలు, కారు ఈఎంఐ 11 వేలు, చిట్టీ 10 వేలు, పిల్లల ఫీజులు ఏడాదికి 90 వేలు. బ్యాంకులో 6 లక్షలు ఉన్నాయి. మామునూరు దగ్గర 200 గజాల ప్లాటు 24 లక్షలకు వస్తోంది, 50 వేలు బయానా ఇచ్చాను. చేతిలోని 6 లక్షలు, మా ఆవిడ బంగారం మీద 6 లక్షలు, పర్సనల్ లోన్ 7 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల మిత్తికి 5 లక్షలు, ఇట్లా సర్దుదామని ఉంది. మా బామ్మర్దిని కూడా ఓడ ఎక్కించడానికి ఒక ఏజెంటు 4 లక్షలు అడుగుతున్నాడు. ఏ అప్పు ముందు తీసుకుంటే మంచిది?

జవాబు: ఏదీ తీసుకోకండి. బయానా పోతే పోనివ్వండి, ఈ ప్లాటు వదిలేయండి.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి ఓడల మీదికి, చమురు బావులు తవ్వే రిగ్గుల మీదికి, గల్ఫ్ ప్రాజెక్టులకు వెళ్లేవాళ్లలో చాలామంది చేస్తున్న తప్పే మీరూ చేస్తున్నారు. జీతం ఎంత అంటే పని ఉన్న నెల జీతమే చెప్తారు. లోన్ ఇచ్చేవాడూ ఆ స్లిప్పే చూస్తాడు. ఈఎంఐ మాత్రం మీరు ఇంట్లో ఖాళీగా ఉన్న నెలలో కూడా ఐదో తారీఖునే కట్ అవుతుంది.

మీ జీతం 1.70 లక్షలు కాదు. ఏడు నెలలకు 11.90 లక్షలు వచ్చాయి. దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 99 వేలు. ఇక ఖర్చు చూడండి. ఇల్లు, కారు, చిట్టీ, ఫీజులు కలిపితే ఏడాదికి 8.46 లక్షలు, అంటే నెలకు 70,500. దీనికి మీరు రాయని ఖర్చు ఒకటి కలపాలి. మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రెండేళ్లకోసారి, బోసియెట్ (సముద్రం మీద ప్రమాదం వస్తే ప్రాణం కాపాడుకునే శిక్షణ) నాలుగేళ్లకోసారి, ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణకు అంతర్జాతీయ ప్రమాణం) ఫైర్ ఫైటింగ్ రిఫ్రెషర్ ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. పైగా వాటి కోసం ముంబై, చెన్నై తిరగాలి. ఈ ఖర్చంతా జీతం లేని నెలల్లోనే వచ్చి పడుతుంది. ఏడాదికి 70 వేలు అనుకుందాం. అప్పుడు మీకు ఏడాదికి మిగిలేది 2.74 లక్షలు.

మీరు చేయబోయే అప్పుల సంగతి చూద్దాం. 7 లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి, ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 16,300 దాకా పడుతుంది. ఏడాదికి 1.96 లక్షలు. బంగారం మీద 6 లక్షలకు 10 శాతం వేసుకున్నా వడ్డీయే 60 వేలు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 5 లక్షలకు 1.20 లక్షలు మిత్తికే పోతాయి. మొత్తం 3.76 లక్షలు. అంటే ఏడు నెలల పని దొరికిన మంచి ఏడాదిలోనే మీకు లక్ష రూపాయలు తక్కువ పడతాయి. ఇందులో బంగారం అసలు, ప్రైవేటు అప్పు అసలు ఒక్క రూపాయి కూడా తీరలేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు మీ లెక్కలోనే లేదు. తక్కువ పడిన ఆ లక్షకు మళ్లీ ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆ మిత్తాయన దగ్గరికే కదా.

ఇంకో మాట వినండి. మీరు పొదుపు అనుకుంటున్న ఆ 6 లక్షలు పొదుపు కాదు. పిలుపు రావడానికి నాలుగు నెలలు పడితే ఇంటికే 2.82 లక్షలు కావాలి. కోర్సులకు, మెడికల్‌కు 70 వేలు తీసేయండి. ఓడ ఎక్కాక మొదటి జీతం ఆ నెలాఖరుకు గానీ రాదు, కాబట్టి ఇంకో నెల ఖర్చు 70 వేలు. మిగిలింది 1.78 లక్షలు. మీ అసలు పొదుపు ఇంతే. మిగతాదంతా మీరు ఇంట్లో ఉండే నెలల జీతం, ముందే చేతికొచ్చింది. దాన్ని ప్లాటులో పెడితే వచ్చే నెల బియ్యానికి, పిల్లల ఫీజుకు ఎక్కడి నుంచి తెస్తారు?

ఏడు నెలల పని ప్రతి ఏడాదీ దొరుకుతుందన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. 2014లో వంద డాలర్ల పైన ఉన్న పీపా క్రూడాయిల్ 2016 మొదట్లో 30 డాలర్ల కిందికి పడినప్పుడు ప్రపంచమంతా ఆఫ్‌షోర్ ఓడలు లంగరు వేసుకుని కూర్చున్నాయి. 2020 కరోనా సంగతి చెప్పనక్కర్లేదు. 2024లో సౌదీ అరాంకో చాలా జాకప్ రిగ్గులను (సముద్రం అడుగున కాళ్లు మోపి నిలిచేవి) ఆపేసింది. రిగ్గు ఆగితే దానికి సరుకు మోసే ఓడకూ, దాని పక్కన కాపలా ఉండే ఓడకూ పని పోతుంది. మన ముంబై హై సముద్ర చమురు క్షేత్రంలో అయితే ప్రతి వానాకాలం నిర్మాణ బార్జీలు (అడుగు బల్లపరుపుగా ఉండే పని ఓడలు) ఎలాగూ వెనక్కి వచ్చేస్తాయి. ఐదు నెలలే పని దొరికిందనుకోండి, మీ ఆదాయం 8.50 లక్షలు. ప్లాటు లేకపోయినా, కొత్త అప్పు లేకపోయినా మీ ఖర్చుకు అది చాలదు.

ఇవన్నీ బాగున్నా, షుగరో బీపీయో అదుపు తప్పి డాక్టర్ అన్‌ఫిట్ రాస్తే ఓడ ఎక్కలేరు. ఓనరే చేతులెత్తేసే కేసులూ ఉన్నాయి. 2024లో ఓనర్లు గాలికి వదిలేసిన సిబ్బంది మూడు వేలకు పైనే, అందులో మన దేశం వాళ్లే అందరికంటే ఎక్కువ. సముద్ర కార్మికుల ఒప్పందం కింద 2017 నుంచి నాలుగు నెలల బకాయి జీతం దాకా, ఇంటికి చేర్చే ఖర్చుకూ ఇన్సూరెన్స్ హామీ ఉండాలని నియమం ఉంది. కానీ అది చేతికి వచ్చే దాకా ఇల్లు గడవాలి కదా.

మామూలు ఉద్యోగికి నేను ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా ఉంచుకోమంటాను. మీకు ఆరు చాలదు. ఓడ దిగిన రోజుకు పూర్తి ఏడాది ఖర్చు, అంటే 8.46 లక్షలు ఉండాలి. ఐదు నెలలు మామూలుగా ఇంట్లో ఉండటానికి, ఇంకో ఏడు నెలలు ఆ తర్వాత కూడా పిలుపు రాకపోతే. ఇందులో బేరం లేదు. ఓడలో అత్యవసర ఫైర్ పంపును ఇంజిన్ రూం బయట ఎందుకు పెడతారో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంజిన్ రూమే అంటుకుంటే అందులో ఉన్న మెయిన్ పంపులు పనిచేయవు కాబట్టి. మీ ఇంటికీ అలాంటి పంపు మీ ఓడ జీతంతో సంబంధం లేకుండా విడిగా ఉండాలి. మీ ఆవిడ బంగారం కూడా అందులో భాగమే. నిజంగా కష్టం వచ్చిన రోజు గంటలో డబ్బు తెచ్చిపెట్టేది అదొక్కటే. దాన్ని ప్లాటుకు తాకట్టు పెడితే, ఆ రోజున మీకు దిక్కు రెండు రూపాయల మిత్తే.

ఈ నిధి పోగేయడం కష్టమేమీ కాదు. పని ఉన్న నెలలో ఇంటికి 70,500 పోగా మీకు దాదాపు లక్ష మిగులుతుంది. వచ్చే ట్రిప్పు ఏడు నెలలు సాగితే, ఇప్పుడున్న 1.78 లక్షలతో కలిపి నిధి నిండినట్టే. చేయాల్సింది ఒక్కటే. జీతం పడే ఖాతా నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున మీ ఆవిడ ఖాతాకు 70,500 వెళ్లాలి. ఓడ మీద ఉన్నా అంతే, ఇంట్లో ఉన్నా అంతే. నిధిలో సగం ఆమె పేరు మీదే ఎఫ్‌డీగా ఉంచండి. మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్‌లో) పెట్టండి. ఆమె పేరు మీద అని ఊరికే అనడం లేదు. సముద్రం మధ్యలో మీ ఫోన్‌కు ఓటీపీ రాదు. హన్మకొండలో మీ నాన్నను రాత్రి పూట ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే, మీ ఫోన్ కలిసే దాకా ఆమె ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. సేఫ్టీ ఆఫీసర్ అయి ఉండి ఇది మరచిపోవడం నాకు బాధ కలిగించింది. 2005 జులై 27న ముంబై హైలో ఏం జరిగిందో మీ కోర్సులో చెప్పే ఉంటారు. వేలికి గాయమైన ఒక వంటమనిషిని ఓడ నుంచి ప్లాట్‌ఫాం మీదికి చేర్చబోతే ఓడ వెళ్లి గ్యాస్ రైజర్‌కు, అంటే గ్యాస్ మోసే నిలువు గొట్టానికి తగిలింది. దాదాపు రెండు గంటల్లో ప్లాట్‌ఫాం కాలిపోయింది, 22 మంది పోయారు. 2021 మేలో తౌక్తే తుఫానుకు 261 మందితో ఉన్న పీ-305 బార్జి మునిగి 70 మందికి పైగా చనిపోయారు. కంపెనీ ఇచ్చే కవర్ ఉందిగా అంటారేమో. అది సాధారణంగా కాంట్రాక్టు ఉన్నంత కాలమే. ఇంట్లో ఉన్న ఐదు నెలల్లో కాజీపేట రోడ్డు మీద బండి మీద నుంచి పడితే కంపెనీకి సంబంధం లేదు.

60 ఏళ్ల దాకా కోటిన్నర టర్మ్ పాలసీ తీసుకోండి. ఫారంలో ఆఫ్‌షోర్ ఓడ మీద పని అని స్పష్టంగా రాయండి. ప్రీమియం కొంచెం ఎక్కువ వేస్తారు, వేయనివ్వండి. వృత్తి దాచి తీసుకుంటే మొదటి మూడేళ్లలో క్లెయిం వచ్చినప్పుడు కంపెనీ దాన్నే పట్టుకుంటుంది, ఇబ్బంది పడేది మీ ఆవిడ. ప్రమాదంలో చేయో కాలో పోతే డబ్బిచ్చే యాక్సిడెంట్ పాలసీ కూడా విడిగా కావాలి. అది ఓడ మీద, ప్లాట్‌ఫాం మీద జరిగే ప్రమాదానికి వర్తిస్తుందో లేదో ఈమెయిల్‌లో రాయించుకోండి, నోటి మాట నమ్మొద్దు. ఇంట్లో అందరికీ కలిపి 10 లక్షల హెల్త్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత టర్మ్, హెల్త్ పాలసీల మీద జీఎస్‌టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది.

బామ్మర్ది విషయం. ఆ ఏజెంటుకు నాలుగు లక్షలు కాదు, నాలుగు వేలు కూడా ఇవ్వకండి. ఓడ ఉద్యోగానికి మనిషిని పంపే ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం) ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ అనే నియామక లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవాళ్లు ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లైసెన్సు ఉన్న ఏజెన్సీల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, అయిదు నిమిషాల పని. ఓడ కాకుండా గల్ఫ్‌లో ఒడ్డు మీద ఉద్యోగమైతే, విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగేది 30 వేలు, దాని మీద జీఎస్‌టీ, అంతే. అంతకు మించి అడిగాడంటే లైసెన్సు అయినా లేదు, నిజాయితీ అయినా లేదు. ఇంకో సంగతి, ఊళ్లో చేసిన ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా ఒక్కటే ఉంటే ఓడ ఎక్కనివ్వరు. ఇండోస్ నంబరు (నావికుల జాతీయ జాబితాలో నమోదు సంఖ్య), సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), డీజీ షిప్పింగ్ గుర్తించిన సంస్థలో ఎస్‌టీసీడబ్ల్యూ బేసిక్ సేఫ్టీ కోర్సులు కావాలి. ముందు ఆ కోర్సులు చేయనివ్వండి. దానికి మీరు సాయం చేస్తే బాగుంటుంది, కానీ మీ జామీను మీద అప్పు తీసి మాత్రం కాదు.

చిట్టీని ప్లాటు కోసం తొందరపడి నష్టానికి పాడుకోకండి. సిప్పులు, ఎన్‌పీఎస్ అన్నీ మంచివే, నిధి నిండాకే. పన్ను విషయానికి వస్తే, మీరు ఎన్నారై అవుతారో కాదో తేలేది దాని మీదే కాబట్టి, ఏడాదిలో ఇండియాలో 182 రోజుల కంటే తక్కువ ఉన్నారో లేదో లెక్క రాసుకోండి, ఎక్కిన దిగిన తేదీల కాగితాలు, పాస్‌పోర్టు స్టాంపులున్న పేజీల కాపీలు దాచుకోండి. పని తగ్గిన ఏడాది ఆ లెక్క తారుమారవుతుంది.

ప్లాటు కొనే ఆశ తప్పు కాదు. మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చిన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల ప్రతి బ్రోకరూ వచ్చే నెల రేటు పెరుగుతుందనే చెప్తున్నాడు. పెరగనివ్వండి. అమ్మబోతే ఆర్నెల్లకైనా కొనేవాడు దొరకని ప్లాటును, 24 శాతం మిత్తి కట్టుకుంటూ పట్టుకుని కూర్చోవడం ఆస్తి సంపాదించడం కాదు. నిధి నిండాక రెండేళ్లు విడిగా పోగేయండి. అప్పుడు ధరలో సగానికి పైగా సొంత డబ్బుతో, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుట్‌లో, బ్యాంకు ప్లాటు లోన్‌తో చూడండి. పర్సనల్ లోన్ అక్కర్లేదు, చేతి మిత్తి అసలే అక్కర్లేదు.

ఈ వారంలోనే బ్రోకర్‌కు ఫోన్ చేసి బయానా వెనక్కి అడగండి. అగ్రిమెంటు రాసుకుని ఉంటే అందులో రద్దు గురించి ఏముందో చదవండి. మొత్తం రాకపోయినా సగానికి ఒప్పుకుని బయటపడండి. ఆ వెంటనే టర్మ్ పాలసీకి దరఖాస్తు చేసి రక్త పరీక్షలు, మెడికల్ హన్మకొండలోనే పూర్తి చేయండి. పిలుపు వచ్చి ఓడ ఎక్కారంటే మళ్లీ దిగే దాకా ఆ పని కాదు.