టెక్ సందేహాలు: రెండరింగ్ ప్లగిన్ మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి?

ఈ వారం అందిన ఉత్తరాల్లో భవనాల నమూనాలు గీసేవారివే ఎక్కువ. గీస్తున్న గోడ, మారుస్తున్న కిటికీ, వేస్తున్న వెలుతురు అప్పటికప్పుడే నిజమైన గదిలా తెరమీద కనిపించేలా చేసే రియల్ టైమ్ రెండరింగ్ ప్లగిన్లు వారిని రకరకాలుగా ఇబ్బంది పెడుతున్నాయి. దాదాపు అందరూ చివర్లో ఒకే మాట రాశారు: “తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అయినా అంతే.” ఆ పని మొదట కాదు, చివర చేయవలసింది. తెరమీద బొమ్మ రావాలంటే స్కెచ్‌అప్, రెవిట్ వంటి డిజైన్ సాఫ్ట్‌వేర్, దానికి తగిలించిన ప్లగిన్, గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవర్ మూడూ ఒకదానికొకటి అందుకోవాలి. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే వీటిలో మధ్యది మాత్రమే కొత్తదవుతుంది, మిగిలిన రెండూ ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. అందుకే తెగింది ఏ ముడి దగ్గరో ముందుగా కనిపెట్టాలి.

ప్రశ్న: స్కెచ్‌అప్‌లో రెండరింగ్ ప్లగిన్ వేశాను. ఇన్‌స్టాలేషన్ పూర్తయిందనే సందేశం కూడా వచ్చింది. కానీ టూల్‌బార్ ఎక్కడా కనిపించడం లేదు. మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను. మా ఆఫీసులో ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా ఐటీ విభాగం వారు వచ్చి తమ పాస్‌వర్డ్ కొట్టాలి.
— ఒక ఇంటీరియర్ డిజైనర్

జవాబు: మీరు చివర్లో రాసిన వాక్యంలోనే కారణం ఉందని నా అంచనా. ఇలాంటి ప్లగిన్లు చాలావరకు రెండు రకాలుగా ఇన్‌స్టాల్ అవుతాయి: ఒకటి కంప్యూటర్ వాడే అందరికీ, రెండోది ఇన్‌స్టాల్ చేసిన వ్యక్తి ఖాతాకు మాత్రమే. రెండో రకాన్ని ఐటీ ఉద్యోగి తన పాస్‌వర్డ్‌తో నడిపితే, ప్లగిన్ వెళ్లి ఆయన ఖాతా ఫోల్డర్లలో కూర్చుంటుంది. ఇన్‌స్టాలర్ తన పని తాను పూర్తి చేసింది కాబట్టి పూర్తయిందనే చెబుతుంది. మీ ఖాతాలో తెరుచుకున్న స్కెచ్‌అప్ మాత్రం మీ ఫోల్డర్లలో వెతికి, ఏమీ దొరకక ఊరుకుంటుంది. ముప్పైసార్లు వేసినా ఫలితం ఇదే. ఐటీ విభాగం వారిని తమ ఖాతా నుంచి ముందు దాన్ని తీసేయమని, ఆ తర్వాత వాడుకరులందరికీ వర్తించే ఇన్‌స్టాలేషన్‌ను ఎంచుకోమని అడగండి. ఆ సమయంలో స్కెచ్‌అప్ పూర్తిగా మూసి ఉండాలి.

అప్పటికీ కనిపించకపోతే చూడవలసినవి తేలికైనవే. వ్యూ మెనూలో టూల్‌బార్స్ జాబితా తెరిచి, ప్లగిన్ పేరు పక్కన టిక్ ఉందో లేదో చూడండి. ప్లగిన్ల (స్కెచ్‌అప్ భాషలో ఎక్స్‌టెన్షన్ల) జాబితా ఉండే ఎక్స్‌టెన్షన్ మేనేజర్‌లో అది నిలిపివేసి ఉందేమో చూడండి. స్కెచ్‌అప్‌కు ఏటా వచ్చే ప్రతి వెర్షన్‌కూ ప్లగిన్ల ఫోల్డర్ వేరుగా ఉంటుంది కనుక, 2023 వెర్షన్‌లో చక్కగా నడిచిన ప్లగిన్ మీరు 2024కు మారినంత మాత్రాన దాని వెంట రాదు. బ్రౌజర్‌లో నడిచే స్కెచ్‌అప్ అయితే అసలు ఎక్స్‌టెన్షన్లనే తీసుకోదు.

ఇదే ఇబ్బంది రెవిట్‌లో ఉందని ఇంకొందరు రాశారు. సదుపాయాలు తగ్గించిన రూపమైన రెవిట్ ఎల్‌టీ ఇలాంటి బయటి యాడిన్‌లను (రెవిట్‌లో ప్లగిన్లకు పేరు ఇది) అనుమతించదు, దానిమీద ఎంత సమయం వెచ్చించినా ప్రయోజనం ఉండదు. పూర్తి రెవిట్ వాడేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. యాడిన్‌లు నడవడానికి పునాదిగా ఉండే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పేరు డాట్‌నెట్. రెవిట్ 2024 డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద నడిచేది, రెవిట్ 2025 డాట్‌నెట్ 8కు మారింది. పునాదే మారిపోవడంతో, 2024 కోసం తయారైన యాడిన్ ఫైళ్లను చేత్తో కాపీ చేసి 2025 ఫోల్డర్‌లో పడేస్తే నడుస్తాయన్న ఆశ పెట్టుకోకూడదు. 2025లో పని చేస్తుందని తయారీదారు స్పష్టంగా చెప్పిన ప్లగిన్ వెర్షన్‌నే తెచ్చుకోవాలి. ఇన్‌స్టాల్ చేశాక మొదటిసారి రెవిట్ తెరిచినప్పుడు ఈ యాడిన్‌ను లోడ్ చేయాలా అని అడిగే పెట్టెలో, తొందరలో ‘డు నాట్ లోడ్’ నొక్కేసినవారికి కూడా ట్యాబ్ కనిపించదు. రెవిట్ మూసి మళ్లీ తెరవండి, తయారీదారు పేరు సరైనదేనని చూసుకొని ‘ఆల్వేస్ లోడ్’ ఎంచుకోండి.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో 6 జీబీ ఎన్విడియా కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. చిన్న ఇంటి నమూనా చక్కగా వస్తోంది. ఫర్నిచర్‌తో నింపిన పెద్ద అపార్ట్‌మెంట్ తెరిస్తే మాత్రం రెండరింగ్ విండో కొన్ని క్షణాలు నల్లగా మారి మూసుకుపోతోంది. ర్యామ్‌ను 32 జీబీకి పెంచితే సరిపోతుందా?
— ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని

జవాబు: ర్యామ్ కొనే ముందు దయచేసి ఇది చదవండి. చిన్న నమూనా చక్కగా వస్తోందంటే ఇన్‌స్టాలేషన్‌లో లోపం లేదు, డిజైన్ సాఫ్ట్‌వేర్, ప్లగిన్, డ్రైవర్ మూడూ కలిసి పని చేస్తున్నాయి. భారం పెరిగినప్పుడు మాత్రమే కూలిపోతోంది. ఆ భారం పడేది ర్యామ్ మీద కంటే గ్రాఫిక్స్ కార్డుకు సొంతంగా ఉండే వీడియో మెమొరీ మీదే ఎక్కువ. ఆ మెమొరీని విడిగా కొని తగిలించుకోవడానికి వీలుండదు.

అయితే అంతకంటే ముందు, పని చేస్తున్నది మీరు అనుకుంటున్న కార్డేనా అన్నది తేల్చుకోవాలి. ఇలాంటి లాప్‌టాప్‌లలో సాధారణంగా ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న గ్రాఫిక్స్ ఒకటి, విడి కార్డు ఒకటి ఉంటాయి. బ్యాటరీ ఆదా కోసం విండోస్ ఒక్కోసారి చిన్నదానికే పని అప్పగిస్తుంది. కొంతకాలం క్రితం ఒక మిత్రుడి లాప్‌టాప్ ముందు కూర్చొని, రెండు గంటల పాటు డ్రైవర్లు మార్చి, ప్లగిన్ తీసి వేసి అలసిపోయాక టాస్క్ మేనేజర్ తెరిచాను. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మొదటి జీపీయూ (గ్రాఫిక్స్ పని చేసే చిప్) గ్రాఫు పైకప్పును తాకుతోంది, రెండోది, అంటే విడి కార్డుది, నేలమీద గీసిన గీతలా కదలకుండా ఉంది. ఆ రెండు గ్రాఫులు చూడడానికి పట్టింది అర నిమిషం. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా మొదట అక్కడే చూడమంటున్నాను.

మీకూ అలాగే కనిపిస్తే, విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అనే వరుసలో వెళ్లి, ప్రోగ్రామ్‌ను జాబితాలో చేర్చి ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోండి. ఏ ప్రోగ్రామ్‌ను చేర్చాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. ఎన్‌స్కేప్ వంటి ప్లగిన్ డిజైన్ సాఫ్ట్‌వేర్ నుంచే మొదలవుతుంది కాబట్టి ముందుగా చేర్చవలసింది స్కెచ్‌అప్‌ను లేదా రెవిట్‌ను. ట్విన్‌మోషన్, లుమియన్ అలా కాదు. అవి వేరుగా నడిచే ప్రోగ్రాములు, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేసుకునే చిన్న ప్లగిన్ నమూనాను వాటికి చేరవేస్తుందంతే. వాటి విషయంలో చేర్చవలసింది ఆ ప్రోగ్రాములనే. మార్చిన తర్వాత అన్నీ మూసి మళ్లీ తెరవాలి.

సరైన కార్డే పని చేస్తున్నదనుకుందాం. అపార్ట్‌మెంట్ తెరిచి, అదే టాస్క్ మేనేజర్‌లో ‘డెడికేటెడ్ జీపీయూ మెమొరీ’ అంకెను గమనించండి. 6 జీబీకి చేరువై, ఆ వెంటనే విండో మూసుకుపోతే కారణం దొరికినట్లే.

మెమొరీని మింగుతున్నది గోడలూ స్లాబులూ అని అనుకుంటాం, కానీ చాలాసార్లు అవి కావు. ఒక చెక్క కుర్చీని తీసుకోండి. ఆన్‌లైన్ లైబ్రరీ నుంచి దించిన ఆ కుర్చీకి చెక్క ఈనెల బొమ్మ 8192 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తుతో వచ్చిందనుకోండి. డిస్కు మీద ఆ జేపెగ్ ఫైలు కొన్ని మెగాబైట్లే కనుక మనకు బరువనిపించదు. కార్డు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం ఆ బొమ్మ విప్పుకుంటుంది. పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన అది 256 మెగాబైట్లు. రంగుకు ఒకటి, ఎగుడుదిగుడులకు ఒకటి, మెరుపుకు ఒకటి చొప్పున మూడు బొమ్మలుంటే 768. దూరం నుంచి చూసినప్పుడు వాడడానికి ప్రతి బొమ్మకూ తయారయ్యే చిన్న నకళ్లు మరో మూడో వంతు కలుపుతాయి. మొత్తం ఒక గిగాబైటు, అదీ గది మూలన సగం కనిపించే కుర్చీకి! కొన్ని రెండరర్లు ఈ బొమ్మలను కుదించి ఉంచుతాయి కాబట్టి అసలు అంకె ఇంతకంటే తక్కువ కావచ్చు, కానీ నిష్పత్తి మారదు. అదే బొమ్మను 1024 పిక్సెళ్లకు తగ్గిస్తే 64వ వంతు, అంటే 4 మెగాబైట్లే. కెమెరా కుర్చీ చేతికి ఆనుకొని ఉంటే తప్ప ఈ రెంటికీ తేడా మీ కంటికి ఆనదు.

కనుక మీరు చేయవలసింది నమూనాలోని ఫర్నిచర్‌నూ మొక్కలనూ ముందు ఒక ట్యాగ్ (వస్తువులను గుంపుగా దాచడానికి, చూపడానికి పెట్టే పేరు) కిందికి చేర్చి, దాచి, రెండరింగ్ తెరవడం. నిలబడితే, ఒక్కో గుంపునూ తిరిగి కనిపించేలా చేస్తూ మెమొరీ అంకె ఎక్కడ ఒక్కసారిగా ఎగిరిందో చూడండి. ఎగిరిన చోట ఉన్న వస్తువు బొమ్మలను చిన్నవి చేయండి. దీనికి ఓపిక కావాలి, కానీ ఒకసారి శుభ్రం చేసిన కుర్చీ తర్వాతి ప్రాజెక్టులన్నిటికీ పనికొస్తుంది. రెండరింగ్ విండోను చిన్నదిగా ఉంచడం, రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాల దారిని లెక్కగట్టే పద్ధతి) ఆపడం, వీడియోలు నడుస్తున్న బ్రౌజర్‌ను మూయడం కూడా కొంత మెమొరీని విడుదల చేస్తాయి.

అంకె 6 జీబీకి దూరంగా ఉన్నా విండో నల్లబడుతుంటే సంగతి వేరు. గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్ల పాటు సమాధానం ఇవ్వకపోతే, అది చిక్కుకుపోయిందని భావించి విండోస్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెడుతుంది. ఆ క్షణంలో రెండరింగ్ ప్రోగ్రామ్ కింద నేల జారిపోయినట్లవుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో, విండో కూలిన సమయానికే 4101 సంఖ్యతో డిస్‌ప్లే హెచ్చరిక ఉంటే జరిగింది ఇదే. ఆ 2 సెకన్ల గడువును రిజిస్ట్రీలో (విండోస్ తన లోపలి సెట్టింగ్స్‌ను దాచుకునే చోట) పెంచమని కొందరు సలహా ఇస్తారు. అది జ్వరం తెలియకుండా థర్మామీటర్‌ను దాచినట్లే కాబట్టి మొదటి మందుగా నేను చెప్పను. ముందు కార్డు వేడెక్కుతోందేమో చూసుకోండి, ఛార్జర్ తగిలించి పని చేయండి, ఆ తర్వాత డ్రైవర్ సంగతి చూడండి. కొత్త డ్రైవర్ అన్నిసార్లూ మంచి డ్రైవరే కానక్కర్లేదు. అప్‌డేట్ చేసిన రోజు నుంచే ఇబ్బంది మొదలైతే డివైస్ మేనేజర్‌లోని ‘రోల్ బ్యాక్ డ్రైవర్’తో పాతదానికి వెళ్లండి. ఎన్విడియా వాడేవారికి ఆటల కోసం ఇచ్చే డ్రైవర్ కంటే స్టూడియో డ్రైవర్ ఈ పనికి నప్పుతుంది.

ప్రశ్న: సర్వే డ్రాయింగ్ మీద నమూనా కట్టాను. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అంతా సరిగ్గానే ఉంది. రెండరింగ్ విండోలో మాత్రం కెమెరా కదిలినప్పుడల్లా తలుపులూ కిటికీలూ వణుకుతున్నాయి, నీడలు చారలు చారలుగా పడుతున్నాయి. కార్డు పాడైందా?
— ఒక సివిల్ ఇంజినీర్

జవాబు: కార్డు నిక్షేపంగా ఉంది. మీ నమూనా మూలబిందువుకు, అంటే కొలతలన్నీ సున్నాగా మొదలయ్యే చోటుకు, చాలా దూరంలో నిలబడి ఉంది. సర్వే డ్రాయింగ్‌లు నిర్దేశాంకాలను (ఒక చోటు ఎక్కడుందో చెప్పే అంకెలను) లక్షల మీటర్లలో చెబుతాయి. రియల్ టైమ్ రెండరింగ్‌లో కార్డు వేగం కోసం సాధారణంగా వాడే 32 బిట్ల సంఖ్యల్లో దాదాపు ఏడు అంకెల వరకే కచ్చితత్వం ఉంటుంది. మూలబిందువుకు కిలోమీటరు లోపల ఉన్న చోట ఆ సంఖ్యలు మిల్లీమీటరులో పదో వంతు కంటే చిన్న తేడాను కూడా పట్టుకుంటాయి. అదే 15 లక్షల మీటర్ల దూరంలో పక్కపక్కనే ఉన్న రెండు సంఖ్యల మధ్య ఎడం 12.5 సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల తలుపు చట్రానికి అక్కడ నిలబడే చోటే లేదు, కెమెరా కదిలినప్పుడల్లా అది అటో ఇటో దూకుతుంది. మీరు చూస్తున్న వణుకు అదే.

స్కెచ్‌అప్‌లో డ్రాయింగ్‌ను తెచ్చుకునేటప్పుడు ‘ప్రిజర్వ్ డ్రాయింగ్ ఆరిజిన్’ టిక్ తీసేయండి. ఇప్పటికే నమూనా కట్టేశారు కాబట్టి మొత్తాన్ని ఎంచుకొని మూలబిందువు దగ్గరకు జరపండి. రెవిట్ అయితే సర్వే డ్రాయింగ్‌ను సెంటర్ టు సెంటర్ పద్ధతిలో లింక్ చేసి, ‘అక్వైర్ కోఆర్డినేట్స్’ ద్వారా నిర్దేశాంకాలను తీసుకోండి. అప్పుడు భవనం మూలబిందువు దగ్గరే ఉంటుంది, సర్వే అంకెలు కూడా పోవు.

వణుకు మొత్తం నమూనాలో కాకుండా ఒక్క నేలమీదో ఒక్క గోడమీదో మాత్రమే కనిపిస్తే కారణం దూరం కాదు. సరిగ్గా ఒకే తలంలో రెండు ఉపరితలాలు పడి, ఏది ముందుందో కార్డు తేల్చుకోలేకపోతోంది. రెంటిలో ఒకదాన్ని తొలగించండి, లేదా కొన్ని మిల్లీమీటర్లు పైకి జరపండి.

ప్రశ్న: రెవిట్ ఫైలును సహోద్యోగికి పంపితే, ఆమె సిస్టమ్‌లో రెండరింగ్ తెరిచినప్పుడు టైల్స్, చెక్క ఏవీ లేకుండా ఉత్త రంగులే వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: మెటీరియల్‌కు మీరు పెట్టిన బొమ్మను రెవిట్ ఫైలులో దాచుకోదు, అది ఎక్కడుందో చిరునామా మాత్రమే రాసుకుంటుంది. మీ డెస్క్‌టాప్ మీది చిరునామా ఆమె కంప్యూటర్‌లో ఉండదు కదా! బొమ్మలన్నిటినీ ఇద్దరికీ అందే ఒక ఉమ్మడి ఫోల్డర్‌లో ఉంచండి. ఆమె రెవిట్ ఆప్షన్స్‌లోని రెండరింగ్ పేజీలో ఆ ఫోల్డర్ దారిని చేర్చుకోవాలి. చేర్చాక రెండరింగ్ విండోను మూసి మళ్లీ తెరవండి. అప్పటికే తెరిచి ఉన్న విండో పాత చిరునామాలనే పట్టుకొని ఉండవచ్చు.