టెక్ సందేహాలు: పుస్తకంలో ఉన్న మెనూ నా ఫొటోషాప్‌లో లేదేంటి?

ఈసారి ఫొటో ఎడిటింగ్ ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి, అదీ సరిహద్దుకి అవతల ఒడిశాలో ఉంటున్న మనవాళ్ల దగ్గర్నుంచి. అందుకని ప్రింటర్ల గొడవ, బ్యాటరీల బాధ వచ్చే వారానికి వాయిదా వేశాను.

పర్లాకిమిడి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: సార్, సెలవుల్లో మా మామయ్య ఫొటో స్టూడియోలో పని నేర్చుకుంటున్నాను. ఫొటోషాప్ సీఎస్6 మీద ఎక్సర్‌సైజులతో ఉన్న ఇంగ్లిష్ పుస్తకం సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికింది. వెనకట్టకి అంటించిన డీవీడీ కవరు మాత్రం ఖాళీ. స్టూడియోలో ఉన్నది కొత్త వెర్షన్, సగం మెనూలు కలవట్లేదు. పుస్తకం పక్కన పడేసి యూట్యూబ్ చూసుకోమంటారా?

పుస్తకం పడేయకండి. ఏదైనా ఒక చిట్కా తెలుసుకోవాలంటే యూట్యూబ్ బాగానే ఉంటుంది. కానీ వీడియో చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, మౌస్ పట్టుకోగానే ఏమీ గుర్తురాదు. ఎక్సర్‌సైజ్ పుస్తకంలో ఆ వేషాలు కుదరవు. ముందు పేజీలో పని మీ చేత్తో పూర్తయితేనే తర్వాతి పేజీ అర్థమవుతుంది.

సీఎస్6 వచ్చింది 2012లో. మరుసటి ఏడాది నుంచి ఫొటోషాప్ తయారుచేసే అడోబీ కంపెనీ కొత్త వెర్షన్లన్నీ చందా కడితేనే ఇస్తోంది. ఆ తర్వాత మెనూలు చాలా అటూ ఇటూ అయ్యాయి. అసలు సరుకు మాత్రం మారలేదు. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు, 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి, ఈ రోజుకీ అవే లేయర్లు. వెలుగునీడలు సర్దే లెవెల్స్, కర్వ్స్, లేయర్‌లో కొంత భాగాన్ని దాచే మాస్కులు, కావలసిన చోటే ఎంచుకునే సెలెక్షన్లు కూడా అంతే. మీ పుస్తకంలో విలువైన అధ్యాయాలు ఇవే.

మిమ్మల్ని తికమక పెట్టేవి కొన్నే, వాటిని అట్ట లోపల పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. సైజు మార్చేటప్పుడు షిఫ్ట్ నొక్కి మూల పట్టుకుని లాగమని మీ పుస్తకం చెబుతుంది. 2018 అక్టోబరులో వచ్చిన సీసీ 2019 (సీసీ అంటే క్రియేటివ్ క్లౌడ్, ఆ చందా వెర్షన్లే) నుంచి ఇది తిరగబడింది. షిఫ్ట్ లేకుండా లాగితేనే ఫొటో కొలతలు చెడకుండా ఉంటాయి. అలవాటుగా షిఫ్ట్ నొక్కారో, పెళ్లికూతురి మొహం సాగిపోతుంది. కంట్రోల్ జెడ్ కూడా అప్పుడే మారింది. పాత దాంట్లో ఒక్క అడుగే వెనక్కి వెళ్లేది, ఇంకోసారి నొక్కితే చేసిన పని మళ్లీ వచ్చేసేది. ఇప్పుడు ఎన్నిసార్లు నొక్కితే అన్ని అడుగులు వెనక్కి వెళ్తుంది. జుట్టు అంచులు సరిచేసే 'రిఫైన్ ఎడ్జ్' ఇప్పుడు 'సెలెక్ట్ అండ్ మాస్క్' అయింది. 'సేవ్ ఫర్ వెబ్' ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ కింద, పక్కన 'లెగసీ' అని తోక తగిలించుకుని ఉంటుంది. ఇంకేమైనా దొరక్కపోతే కంట్రోల్ ఎఫ్ నొక్కి పేరు టైప్ చేయండి, వెతికి పెడుతుంది.

డీవీడీ లేదని దిగులు వద్దు. నిజానికి అది పోవడమే మంచిదైంది. పాఠంతో ఇచ్చే ఫొటో ఆ పాఠం కోసమే ఏరి పెట్టింది, దాని మీద ఎవరు చేసినా బాగానే వస్తుంది. లెవెల్స్ పాఠానికి మహేంద్రగిరి మీద పొగమంచులో తీసిన ఫొటో ఒకటి తీసుకోండి. హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే పటం) నడి మధ్యలో గుట్టలా ఉండి, రెండు పక్కలా ఖాళీగా కనిపిస్తుంది. దాని కిందున్న నల్ల త్రికోణాన్ని గుట్ట మొదలయ్యే చోటికి జరిపితే చెట్లు, కొండ గట్లు తేలతాయి. తెల్లదాన్ని కూడా గుట్ట చివరిదాకా లాగమని పుస్తకం చెబుతుంది. నేనైతే సగం దూరంలో ఆపమంటాను. మంచు కనిపించాలనే కదా అంత పొద్దున్నే కొండెక్కి తీసింది! మాస్కుల పాఠానికి మీ ఊళ్లోనే గజపతి ప్యాలెస్ ఉంది. ఆకాశం తెల్లగా వెలిగిపోయి, వరండా చీకటిగా పడిన ఫొటో ఏదైనా సరే.

ఇలా సొంత ఫొటో పెట్టుకున్నప్పుడు ఒక్క మెలిక ఉంది. పుస్తకంలో 'ఫెదర్ 5 పిక్సెల్స్' అని ఉంటుంది, అంటే సెలెక్షన్ అంచుని ఆ మేర మెత్తబరచమని. ఆ 5 ఆ పుస్తకం ఫొటోకి సరిపోయే 5. ఆ ఫొటో వెడల్పు 1200 పిక్సెల్స్ అనుకుందాం. మీ ఫోన్‌లో 12 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు సుమారు 4000 ఉంటుంది. అదే 5 ఇక్కడ పెడితే అంచు కత్తెరతో కోసినట్టే ఉంటుంది. 16, 17 దగ్గర పెడితే పుస్తకంలో బొమ్మలా మెత్తగా వస్తుంది. బ్రష్ సైజు, బ్లర్, షార్పెన్ రేడియస్‌కీ ఇదే లెక్క. చాలామంది 'పుస్తకంలో చెప్పినట్టే చేశాను, రాలేదు' అని వదిలేసేది సరిగ్గా ఇక్కడే.

ప్రతి పాఠం రెండుసార్లు చేయండి. మొదటిసారి పుస్తకం తెరిచి, రెండోసారి పుస్తకం మూసి ఇంకో ఫొటో మీద. ఎక్కడ ఆగిపోతే అక్కడ రానట్టు లెక్క. ఫిల్టర్లతో ఫొటోని ఆయిల్ పెయింటింగ్‌లా మార్చే అధ్యాయం దాటేయండి, ఆ సరదా రెండు రోజుల్లో తీరిపోతుంది. 3డీ అధ్యాయం ఉంటే దాన్నీ వదిలేయండి, కొత్త వెర్షన్లలోంచి అడోబీయే దాన్ని తీసేస్తూ వచ్చింది.

ఇంట్లో ఫొటోషాప్ లేదని క్రాక్ చేసిన కాపీ జోలికి పోకండి. దాంతోపాటు వైరస్ దిగితే స్టూడియో హార్డ్‌డిస్క్‌లో ఉన్న పెళ్లి ఫొటోలన్నీ పోతాయి, మీ మామయ్యకి సమాధానం మీరే చెప్పుకోవాలి. ఫొటోపీ అని బ్రౌజర్‌లో నడిచేది ఉంది. మెనూలు, షార్ట్‌కట్‌లు దాదాపు ఫొటోషాప్‌వే, ఫొటోషాప్ సొంత పీఎస్‌డీ ఫైళ్లు తెరుస్తుంది, ప్రకటనలు భరిస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఫొటోషాప్ పుస్తకం పక్కన పెట్టుకుని నేర్చుకోవడానికి ఇదే దగ్గర దారి. జింప్ 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న గట్టి సాఫ్ట్‌వేరే, 2025 మార్చిలో 3.0 కూడా వచ్చింది. కానీ పేర్లు, అమరిక వేరు. మీ పుస్తకంతో దాన్ని కలిపితే రెండూ రావు.

బరంపురం నుంచి ఒక పట్టుచీరల వ్యాపారి: మా కుంభాల అంచు చీరలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాం. మెరూన్ చీర ఫొటోలో ఇటుక రంగులో వస్తోంది. 'ఫొటోలో ఒకటి, పంపింది ఒకటి' అని కస్టమర్లు గొడవ. మా అబ్బాయి పుస్తకంలో చూసి ఆటో కలర్ నొక్కితే ఇంకా పాడైంది.

ఆటో కలర్ తప్పేం లేదు, మీ ఫొటోకి అది పనికిరాదు, అంతే. ఫొటోలో ఒకే రంగు మరీ ఎక్కువైతే అది వెలుతురు వల్ల వచ్చిన లోపం అనుకుని తగ్గించబోతుంది. ఫ్రేమంతా మెరూన్ చీరే పరిస్తే మెరూన్‌నే తీసేయబోతుంది మరి.

పని ఫొటో తీసేటప్పుడే మొదలవ్వాలి. కొట్లో ట్యూబ్‌లైటు, పసుపు ఎల్ఈడీ, వీధి వెలుతురు మూడూ కలిసి పడితే ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. ఒక్క రకం వెలుతురే ఉంచండి. మొదటి ఫొటోలో చీర పక్కన గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిద అట్ట) పెట్టి తీయండి, ఫొటో సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. లేకపోతే తెల్ల కాగితమైనా ఫరవాలేదు, కాకపోతే కాగితానికి తెల్లదనం కోసం కలిపే మందు వల్ల రంగు కొద్దిగా తేడా వస్తుంది. తర్వాత కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ తెరిచి, మూడు డ్రాపర్లలో మధ్యదానితో ఆ కార్డు మీద క్లిక్ చేయండి. రంగు సర్దుకుంటుంది. అదే వెలుతురులో తీసిన మిగతా చీరల ఫొటోల్లోకి ఆ లేయర్‌ని లాగి వదిలితే సరి.

ముదురు ఎరుపు, రాణి రంగు చీరలతో ఇంకో తంటా ఉంది. నేత, బుటీ ఏమీ కనిపించకుండా రంగు ముద్దలా అయిపోతుంది. హిస్టోగ్రామ్‌ని రంగులవారీగా చూస్తే రెడ్ ఛానెల్ (ఫొటోలోని ఎరుపు పాలు) కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. అక్కడ పోయిన నేత ఎడిటింగ్‌లో తిరిగి రాదు. ఫోన్‌లో చీర మీద తాకి, వెలుతురు స్లయిడర్‌ని కొంచెం కిందికి లాగి మళ్లీ తీయాల్సిందే. కాస్త చీకటిగా వచ్చినా తర్వాత పెంచుకోవచ్చు.

ఎడిట్ చేసే కంప్యూటర్‌లో నైట్ లైట్ ఆపేయండి. స్క్రీనే పసుప్పచ్చగా ఉంటే మీరు చేసే దిద్దుబాటంతా నీలం వైపు పోతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫోన్లు, వెబ్ మామూలుగా వాడే రంగుల పద్ధతి ఎస్ఆర్‌జీబీకి మార్చండి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. అయినా కస్టమర్ ఫోన్ స్క్రీన్ మీ చేతిలో లేదు కాబట్టి, 'రంగులో స్వల్ప తేడా ఉండొచ్చు' అన్న మాట మెసేజ్‌లో ఉంచడమే మంచిది.

జయపురం నుంచి ఒక ఫ్లెక్సీ డిజైనర్: ప్రింటింగ్‌కి ఎప్పుడూ 300 రిజల్యూషన్ (అంగుళానికి 300 పిక్సెల్స్) పెట్టాలని పుస్తకంలో ఉంది. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సీకి అలా పెడితే కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ర్యామ్ పెంచాలా?

ముందు రిజల్యూషన్ తగ్గించండి. 300 పెడితే వెడల్పు 36,000, ఎత్తు 28,800 పిక్సెల్స్. అంటే 100 కోట్ల పైమాటే. ఒక్క లేయరే సీఎంవైకేలో (ప్రింటింగ్‌కి వాడే నాలుగు సిరాల పద్ధతిలో) 4 జీబీ దాటుతుంది. పైగా పీఎస్‌డీ ఫైల్‌లో ఏ వైపూ 30,000 పిక్సెల్స్ దాటకూడదు, కాబట్టి అలా సేవ్ కూడా కాదు. ఆ 300 చేతిలో పట్టుకుని చూసే పుస్తకం, పెళ్లి కార్డు లాంటి వాటికి చెప్పిన మాట. మీ ఫ్లెక్సీని జనం రోడ్డు అవతల నుంచి చూస్తారు. 72 పెడితే 8,640 ఇంటూ 6,912, దాదాపు 6 కోట్ల పిక్సెల్స్. మీ పాత కంప్యూటరే లాక్కొస్తుంది.

గుణుపురం నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి: మాస్టారూ, మా తాతగారి నలుపు తెలుపు ఫొటో ఒక్కటే మిగిలింది. మధ్యలో మడత పడి గీత సరిగ్గా కంటి మీదుగా పోయింది, పైగా పసుపు మరకలు. మనవడు ఏదో ఏఐ యాప్‌లో పెడితే మెరిసిపోయే మొహం వచ్చింది గానీ, ఆయన మా తాతలా లేరు.

ఉండరండీ. ఆ యాప్‌లు చాలామటుకు పోయిన భాగాన్ని బాగుచేయవు, తమకి తెలిసిన లక్షల మొహాల్లోంచి ఒక కన్ను ఊహించి అతికిస్తాయి. ఫొటో ఒక్కటే ఉన్నప్పుడు చేత్తో చేసుకోవడమే నయం. ఒక పూట పని.

నలుపు తెలుపైనా సరే, కలర్ మోడ్‌లో 600 డీపీఐ పెట్టి స్కాన్ చేయించండి. ఎందుకంటే ఛానెల్స్ ప్యానెల్‌లో ఒక్కొక్కటే చూస్తే, పసుపు మరక బ్లూ ఛానెల్‌లో నల్లగా కొట్టొచ్చినట్టు ఉంటుంది, రెడ్ ఛానెల్‌లో దాదాపు కనబడదు. ఆ రెడ్ ఛానెల్‌నే కొత్త ఫొటోగా తీసుకుంటే మరకల పని సగానికి సగం తగ్గిపోయినట్టే.

తర్వాత లేయర్‌ని డూప్లికేట్ చేసి, పని అంతా ఆ కాపీ మీదే చేయండి. బుగ్గ, నుదురు, చొక్కా మీద మడతకి హీలింగ్ బ్రష్ వాడండి. బ్రష్ సైజు గీత కన్నా కొద్దిగా పెద్దది చాలు. ఆల్ట్ నొక్కి పక్కనున్న మంచి చర్మం మీద క్లిక్ చేసి, గీత మీద చిన్న చిన్న చుక్కలుగా వేసుకుంటూ వెళ్లండి. పొడుగ్గా లాగితే అతుకు తెలిసిపోతుంది. జింప్‌లో ఆల్ట్ బదులు కంట్రోల్. కంటి దగ్గరికి రాగానే హీలింగ్ ఆపండి. అది చుట్టూ ఉన్న నలుపుని లోపలికి కలిపేసుకుని కాటుక చెదిరినట్టు చేస్తుంది. అక్కడ క్లోన్ స్టాంప్‌తో, రెప్ప గీత ఎటు పోతోందో అటే, 200 శాతం జూమ్‌లో చేయండి. మధ్యమధ్యలో జూమ్ తగ్గించి మొహం మొత్తం చూసుకోండి. ముడతలు గీతలనుకుని చెరిపేయకండి, తాతగారు పోల్చుకోలేకుండా అయిపోతారు. సేవ్ చేసేది పీఎస్‌డీగానో టిఫ్‌గానో ఉండాలి. జేపెగ్‌గా తెరిచి, దిద్ది, సేవ్ చేసిన ప్రతిసారీ కాస్త కాస్త నాణ్యత పోతుంది.

రాయగడ నుంచి ఒక డీటీపీ ఆపరేటర్: ఫొటోషాప్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి. 'శుభాకాంక్షలు' అని కొడితే 'క్ష' ముక్కలైపోతోంది. ఒడియా కూడా అంతే.

సీసీ వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్ 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' లేదా 'వరల్డ్-రెడీ లేఅవుట్' అని ఉంటుంది. దాన్ని ఎంచుకుని ప్రోగ్రామ్ మూసి తెరవండి. ముందే టైప్ చేసిన లేయర్ ఉంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కూడా వరల్డ్-రెడీకి మార్చాలి. రెండు లిపులకీ ఇదే మందు. మరీ పాత వెర్షన్‌లో ఈ ఎంపిక కనిపించదు, అప్పుడు జింప్‌లో టైప్ చేసి చూడండి, ఒత్తులు దానంతట అదే సరిగ్గా పెడుతుంది. అను ఫాంట్లలో కొట్టింది తెచ్చి అతికిస్తే మాత్రం పిచ్చి గీతలే వస్తాయి, అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అయిన అక్షరాల సంకేతం) కాదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న లాంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితం. 'గిడుగు' అని కూడా ఒకటుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన రామమూర్తి గారి ఇంటిపేరే, మీ ప్రాంతం ఫ్లెక్సీలకి అంతకన్నా ఏం కావాలి!

కాశీనగరం నుంచి ఒక ఉద్యోగార్థి: అప్లికేషన్‌కి ఫొటో 50 కేబీ లోపు ఉండాలట. తగ్గిస్తే మొహం గళ్లు గళ్లుగా వస్తోంది.

4000 పిక్సెల్స్ ఫొటోని అలాగే ఉంచి క్వాలిటీ తగ్గిస్తున్నట్టున్నారు. ముందు కొలత తగ్గించండి. పాస్‌పోర్ట్ సైజు 35 ఇంటూ 45 మిల్లీమీటర్లు, 300 డీపీఐలో 413 ఇంటూ 531 పిక్సెల్స్. అంతకి క్రాప్ చేశాక ఎక్స్‌పోర్ట్‌లో క్వాలిటీ 70, 80 దగ్గర పెట్టినా మామూలుగా 50 కేబీ దాటదు. వెనక సాదా తెల్ల గోడ ఉంటే ఇంకా తగ్గుతుంది. నోటిఫికేషన్‌లో వేరే పిక్సెల్ కొలత ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. బ్యూటీ ఫిల్టర్ ఆపి తీయండి, పరీక్ష హాల్లో మొహం పోల్చి చూస్తారు.